స్తంభిని ఎందుకు చావాలి?

ఆమెను అందరూ బ్రేకక్క అని పిలుస్తారు. డ్రైవింగ్ స్కూలు కారులో నేర్పేవాళ్ల కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. దాని మీద పాదం ఆనించుకుని ఏళ్ల తరబడి ఎందరెందరికో స్టీరింగు పట్టడం నేర్పిన మనిషి. నేర్చుకునేవాళ్లు భయంతో కళ్లు మూసేసుకున్నా ఎవర్నీ ఒక్కసారీ కసురుకోలేదు. పాదం నొక్కేది, కారు ఆగేది, "ఊపిరి పీల్చుకోండి, మళ్లీ మొదలుపెడదాం" అనేది. కోపమంతా సినిమాల కోసం దాచుకునేది.

సినిమాలంటే అన్నీ కాదు. ఉక్కురెక్క సినిమాలు. వీపు మీద ఇనప రెక్కలు మొలిచిన ఒక మనిషి, బూడిదరాజు అనే దుర్మార్గుడి బారి నుంచి ఊరిని కాపాడే కథ. అప్పటికి నాలుగు భాగాలు వచ్చాయి. ఊరంతా ఉక్కురెక్కకి ఊగిపోతే బ్రేకక్క మాత్రం అతని పక్కనుండే స్తంభిని కోసం వెళ్లేది. కథలో మిగతావాళ్లు ఎగురుతారు, నిప్పులు కక్కుతారు, మాయమవుతారు. స్తంభినికి వచ్చింది ఒక్కటే విద్య. అరచెయ్యి ఎత్తితే వచ్చేది ఏదైనా ఆగిపోతుంది.

"దూసుకుపోవడం ఎవడికైనా వస్తుంది. ఆపడంలో ఉంది పనితనం," అనేది బ్రేకక్క.

ఆమె తమ్ముడికి ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు ఉంది. దానికంటే పెద్ద హోదా ఇంకొకటి ఉంది. ఉక్కురెక్క అభిమాన సంఘానికి ఆయనే ప్రెసిడెంటు.

ఐదో భాగం విడుదలైన రోజు అక్కాతమ్ముళ్లు పక్కపక్కన కూర్చుని మొదటి ఆట చూశారు. విరామం దాకా బాగానే నడిచింది. ఆ తర్వాత స్తంభిని రోడ్డు దాటుతుంటే వెనక నుంచి లారీ వచ్చి గుద్దింది. అంతే, పోయింది. ఉక్కురెక్క ఆమెను ఒళ్లో పడుకోబెట్టుకుని ఆకాశంలోకి చూసి అరిచాడు. రెక్కలు ఎర్రగా కాలాయి. అక్కడి నుంచి చివరిదాకా బూడిదరాజు సైన్యాన్ని పచ్చడి చేశాడు. హాలంతా ఈలలు. తమ్ముడైతే కుర్చీ ఎక్కి మరీ ఈల వేశాడు.

తెర మీద పేర్లు పడుతున్నా బ్రేకక్క లేవలేదు.

"రెండో భాగంలో రైలుని ఆపింది, ఒంటి చేత్తో," అంది.

"ఏంటక్కా?"

"రైలుని ఆపినదాన్ని లారీ గుద్దిందా? అదీ ఆ మలుపులో, నత్తలా పాకాల్సిన చోట? వాడు హారన్ కూడా కొట్టాడురా! నా దగ్గర నిన్న చేరినవాళ్లయినా పక్కకి తప్పుకుంటారు."

"వెనక నుంచి వచ్చింది కదక్కా, చూసుకోలేదు."

"మూడో భాగంలో బాణం కూడా వెనక నుంచే వచ్చింది. చూడకుండానే ఆపింది."

సంఘం వాళ్లు వింటున్నారని తమ్ముడు గమనించాడు. "సినిమాని సినిమాలా చూడాలక్కా," అన్నాడు నవ్వేస్తూ.

ఆమెకి ఒంటికి కారం రాసినట్టయింది.

సంఘం సమావేశాలు తమ్ముడి కొట్టు పైగదిలో, సీలింగ్ ఫ్యాన్ల పెట్టెల మధ్య జరుగుతాయి. ఆ వారం బ్రేకక్క అందరికంటే ముందొచ్చి కూర్చుంది. కళ్లద్దాల షాపాయన అందరి తరఫునా మాట్లాడాడు.

"ఆమె చావకపోతే హీరోకి కోపమెలా వస్తుందండీ? కథ ముందుకెలా కదులుతుంది?"

"సగం ఊరు తగలబడిపోయింది కదా, అప్పుడు రాలేదా కోపం? ఆయనగారికి కోపం రావాలంటే మన ఇంటిమనిషి శవం లేవాలా?"

"మీకు స్తంభిని అంటే ప్రాణం కాబట్టి అలా అనిపిస్తోంది."

"అవును, ప్రాణమే. ప్రాణం పెట్టేవాళ్లం కాకపోతే ఇక్కడెందుకు కూర్చున్నాం, ఫ్యాన్లు కొనడానికా?"

గదంతా గొల్లుమంది. తమ్ముడు మాత్రం నవ్వలేదు. ఆయన బాధ ఆయనది. మరుసటి వారం సినిమా డైరెక్టరు అదే థియేటరుకి అభిమానుల్ని కలవడానికి వస్తున్నాడు. వేదిక మీద పక్కన నిలబడేది ప్రెసిడెంటే. ఇబ్బంది పెట్టే ప్రశ్నలు రాకుండా చూసుకొమ్మని సినిమా వాళ్లు ముందే చెప్పారు. అందుకని ఎవరేం అడగాలో ఆయనే పంచిపెట్టాడు. అక్క వంతుకి 'ఆరో భాగం ఎప్పుడు?' అన్న ప్రశ్న వచ్చింది.

"ఇదొక్కటే అడుగక్కా, నీకు దండం పెడతా."

"చూద్దాం," అంది ఆమె. తమ్ముడి చెవికి అది 'సరే' అని వినపడింది.

ఆ రోజు థియేటరు కిటకిటలాడింది. డైరెక్టరు నెమ్మదస్తుడు. ప్రతి ప్రశ్ననీ మెచ్చుకుని, చిన్న జోకు వేసి, జవాబు చెబుతున్నాడు. మైకు బ్రేకక్క చేతికి వచ్చింది. ఆమె లేచి నిలబడింది.

"డైరెక్టరు గారూ, స్తంభిని ఎందుకు చావాలి?"

వేదిక మీద తమ్ముడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మంచి ప్రశ్న," అన్నాడు డైరెక్టరు. "ఆ సీను రాసేటప్పుడు నేనూ ఏడ్చానమ్మా. కానీ కథకి అది అవసరం."

"కథకా, హీరోకా?"

వెనక వరుసల్లో గోల మొదలైంది. ఎవరో సైగ చేస్తే తమ్ముడు వేదిక దిగి, కుర్చీల మధ్య నుంచి వచ్చి చెయ్యి చాపాడు. "అక్కా, మైకు ఇచ్చెయ్." ఆమె ఇచ్చేసింది. అతను హమ్మయ్య అనుకునేలోపే మైకు లేకుండానే అందుకుంది. రద్దీ కూడళ్లలో, బస్సు హారన్ల మధ్య మాట వినిపించడం అలవాటైన గొంతు అది.

"నాలుగు సినిమాల్లో ఆమె ఆపినవన్నీ ఆయన కోసం ఆపినవే. ఆమెకేం కావాలో ఒక్కసారైనా అడిగారా? ఆమె ఇల్లెక్కడో చూపించారా? ఎవరితో పోట్లాడుతుందో, దేనికి నవ్వుతుందో మాకు తెలుసా? చంపేటప్పుడు మాత్రం మొహం తెర నిండా చూపించారు!"

"కూర్చోవమ్మా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"కూర్చున్నా. వినపడుతోందిగా?" అని కూర్చునే కొనసాగించింది. "ఏడిస్తే సరిపోదండీ డైరెక్టరు గారూ. ఏడ్చేముందు ఆలోచించాలి."

డైరెక్టరు నవ్వు సన్నబడింది. "అయితే మీరే చెప్పండి. మీ చేతికిస్తే ఏం రాసేవారు?"

ఆమె దీనికి సిద్ధపడి రాలేదు.  అందరి తలలూ ఇటు తిరిగాయి. ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుంది.

"లారీని ఆపించేదాన్ని. డ్రైవర్ని కిందికి దింపి, ఎవరు పంపార్రా నిన్ను అని ఆమె చేతే అడిగించేదాన్ని. బూడిదరాజు గుట్టు అక్కడే రట్టయ్యేది. ఆ కబురు ఆమె నోటితోనే ఉక్కురెక్కకి చేరేది. అప్పటికీ కోపం రాకపోతే, ఆ రెక్కలు తీసుకెళ్లి పాత ఇనప సామాన్లకి వేసెయ్యడమే!"

కొంతమంది పగలబడి నవ్వారు. అక్కడక్కడా చప్పట్లు పడ్డాయి. వాటికి రెట్టింపు ఈసడింపులు వినిపించాయి. డైరెక్టరు నీళ్లు తాగి, "తర్వాతి ప్రశ్న," అన్నాడు. బ్యాడ్జి పెట్టుకున్న ఒకతను వంగి, బయటికి వెళ్లమని మర్యాదగానే చెప్పాడు.

"టిక్కెట్టు కొన్నాను బాబూ. అయిపోయాక వెళ్తా."

 చివరి ప్రశ్న దాకా కదల్లేదు.

ఆ గొడవని ఎవరో ఫోనులో తీశారు. సాయంత్రానికి అందరి ఫోన్లలోనూ అదే. 'కార్లు నేర్పుకునేదానికి కథలెందుకు' అని కొందరు, 'మా హీరోని అంటావా' అని కొందరు నోటికొచ్చినట్టు రాశారు. సంఘం గ్రూపులోంచి ఆమెను తీసేశారు. కారు నేర్చుకోవడానికి వచ్చిన ఒకావిడ నడికూడలిలో ఆమె వైపు తిరిగి, "ఆ వీడియోలో ఉన్నది మీరేనా?" అంది.

"నేనే. ముందు మీరు రోడ్డు చూడండి."

తమ్ముడు రెండు రోజులు ముఖం చాటేసి, మూడో రోజు ఇంటికొచ్చాడు. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి మొదలుపెట్టాడు.

"నా పరువు గంగలో కలిపావు. ఒక్కసారి క్షమాపణ చెప్పు, నిన్ను మళ్లీ సంఘంలోకి తీసుకునేలా చూస్తా."

"దేనికి చెప్పాలి? ప్రశ్న అడిగినందుకా, జవాబు రానందుకా?"

"అడిగే పద్ధతొకటి ఉంటుంది!"

"పద్ధతిగా అడిగితేనే కదరా మైకు లాక్కున్నావు."

 అతను గుమ్మంలోనే కూలబడి తల పట్టుకున్నాడు. కాసేపటికి గొణిగినట్టు అన్నాడు. "ఆ లారీ సీను నాకూ నచ్చలేదక్కా. ప్రెసిడెంటుని కదా, అందరూ చూస్తుంటారు..."

డైరెక్టరు మీద రాని కోపం, బూతులు రాసినవాళ్ల మీద రాని కోపం ఆమెకి అప్పుడొచ్చింది.

"నచ్చకుండానే కుర్చీ ఎక్కి ఈల వేశావా?" అంది.  "నచ్చిందని నమ్మి నాతో పోట్లాడావనుకున్నాను. పోనీలే, వాడి ఇష్టం వాడిదని సర్దుకున్నాను. నచ్చకుండా పోట్లాడావా? నచ్చకుండా నా చేతిలోంచి మైకు లాగేశావా? వెళ్లు. నీ ఇష్టమేంటో నీకు తెలిశాక రా."

లోపలి నుంచి అమ్మ, "వాణ్ని కనీసం లోపలికి రానియ్యవే," అంది. అప్పటికే అతను లేచి వెళ్లిపోయాడు.

ఆ వారం తమ్ముడికి కొట్టు మీద ధ్యాస లేదు. ఫ్యాను అడిగినవాళ్లకి స్విచ్చులు ఇచ్చాడట. చివరికి ఒక మధ్యాహ్నం సంఘం పేజీలో తన సొంత పేరుతో రాశాడు. 'స్తంభినిని చంపిన తీరు నాకు నచ్చలేదు. మా అక్క అడిగింది న్యాయమైన ప్రశ్న. మైకు తీసుకున్నది నా తప్పు.' సాయంత్రం కొట్టు మూసేసరికి అతని ప్రెసిడెంటు పదవి కళ్లద్దాల షాపాయనకి వెళ్లిపోయింది.

కొన్నాళ్లకి ఆరో భాగంలో స్తంభిని బతికొస్తుందని పుకారు పుట్టింది. "మీరే గెలిచారు!" అని ముక్కూముఖం తెలియనివాళ్లు కూడా బ్రేకక్కని రోడ్డు మీద ఆపి చెప్పారు.

"చంపినవాళ్లే బతికిస్తే అదేం గెలుపు?" అంది ఆమె. "వచ్చి ఏం చేస్తుందో చూడనివ్వండి."

ఆ రాత్రి భోజనాల దగ్గర తమ్ముడు తన మనసులో మాట బయటపెట్టాడు. స్తంభిని తిరిగొచ్చి ముందు ఆ లారీ డ్రైవరు మీద పగ తీర్చుకోవాలట.

"వాడు కూలికి తోలినవాడురా. వాణ్ని కొడితే ఏమొస్తుంది?"

"కొట్టకపోతే చూసేవాళ్ల కడుపు మంట ఎలా చల్లారుతుంది? ఈసారి నువ్వే తప్పు అక్కా. ఇది నా సొంత అభిప్రాయం, ఎవరూ నేర్పింది కాదు."

"సొంతమైనంత మాత్రాన ఒప్పైపోతుందా?"

"ఆ పిల్లని ఇద్దరూ కలిసి మళ్లీ చంపేలా ఉన్నారు. ముందు తినండర్రా!" అని అమ్మ కేకేసింది.

"ఒక్క నిమిషం అమ్మా," అని బ్రేకక్క కుర్చీ తమ్ముడి వైపు జరుపుకుంది. "చెప్పరా, నీ పగ కథ మొదట్నుంచీ చెప్పు. వింటా. ఒప్పుకోనుగానీ, వింటా."