సెలిమె పాట, ఐదో చరణం

బస్సులో కూర్చోవడానికి జాగా లేదు, సీట్ల నిండా పాత క్యాసెట్లే ఉన్నాయి, ఓదెలు వాటిని ఒక్కొక్కటిగా ఎత్తి చంకలో పెట్టుకుంటూ వెనక్కి నడుస్తున్నాడు, ఎంత నడిచినా వెనక సీటు రావడం లేదు. మంథని రూటులో పాతికేళ్లు కండక్టరుగా చేసినవాడికి బస్సు ఎంత పొడవుంటుందో తెలియదా? తెలుసు, అయినా ఇది సాగుతూనే ఉంది. చివరికి వెనక సీటు వస్తుంది గాని అది సీటు కాదు, రాజేశం క్యాసెట్ల దుకాణంలోని చెక్కబల్ల, దాని వెనక రాజేశమే కూర్చుని, తెగిన టేపు కొసలను గోటితో సాపు చేసి అతికిస్తున్నాడు. పోయి పది నెలలైన మనిషి. అలాంటివాడు ఇంత తీరుబడిగా పని చేసుకుంటూ కనిపిస్తే ఓదెలుకు భయమైనా వేయాలి, ఏడుపైనా రావాలి. రెండూ రావడం లేదు, ఒళ్లు మండుతోంది.

"ఏంది బావా, ఈడున్నవా? ఊరంత నిన్ను పోయినవంటున్నరు."

"పోయిన. గది సరే గని, బండరాయి పాట నీ తాన ఉన్నదా? మనం తీసింది, కంపెనీది గాదు. నాది తెగింది."

ఇద్దరికీ చుట్టరికమేమీ లేదు, కులం కూడా ఒకటి కాదు, రేగుంట పోచాలు పాట కలిపిన బావ వరుస అది. పోచాలు బావులు తవ్వే మనిషి. పొద్దంతా తట్ట మోసి, మాపటికి ఎక్కడ కూర్చుంటే అక్కడ తానే పాట కట్టి తానే పాడేవాడు, పెండ్లాం ఎల్లవ్వ వంత పాడేది. హైదరాబాద్ కంపెనీ ఒకటి ఆయనతో ఒకే ఒక క్యాసెట్ చేయించింది. మిగతా పాటలన్నీ ఈ బావలిద్దరూ ఊరూరూ తిరిగి టేపు రికార్డరులో పట్టుకొచ్చినవే. పోచాలు మూతి ముందు మైకు పట్టుకునేది రాజేశం. మిషను ముందు గొంతుకు కూర్చుని, గొంతు పెరిగితే ఊగే సూదిని చూస్తూ మీట తిప్పేది ఓదెలు. ఒకరు లేకుండా ఇంకొకరు ఒక్క పాటా పట్టలేదు.

ఓదెలు చంకలోని క్యాసెట్లన్నీ బల్ల మీద గుమ్మరిస్తాడు. "బండరాయి పాట సంగతి తర్వాత. నేను ఒక్కటే అడుగుత, సక్కగ జవాబు జెప్పు. సెలిమె పాట ఐదో చరణంల ఏమున్నది?"

"అడుగుతవు గని కూసోవైతివి."

"కూసున్న. జెప్పు."

"కంపెనోళ్లు బండరాయి పాటకు కీబోర్డు వెట్టిండ్లు సూడు, పెండ్లి బ్యాండోని తీర్గ, గప్పుడే అన్న నేను, ఈ పాట సచ్చిందని."

ఓదెలు తల ప్రాణం తోకకు వస్తుంది. బతికున్నప్పుడూ ఇంతే, అడిగేది ఒకటి, చెప్పేది ఒకటి. చనిపోయాక మనిషి కొంతైనా మారతాడనుకుంటాం. మారడు కాబోలు.

అతని తొందర అతనిది. రేపు పోచాలు సంస్మరణ సభ. పెద్దపల్లి గ్రంథాలయం హాల్లో అభిమానులంతా కూడుతున్నారు, ముప్పై ఒక్క పాటలు శుభ్రం చేయించి పెన్‌డ్రైవ్‌లలో పంచాలని ఓదెలు ఏడాదిగా తిరుగుతున్నాడు. అన్నింటిలోకీ సెలిమె పాట గొప్పది. వాగు ఇసుకలో చెయ్యి పెట్టి తోడుకునే చెలమ మీద కట్టిన పాట, నాలుగు చరణాలు అందరికీ నోటికొచ్చు. ఐదో చరణం మాత్రం పోచాలు ఒకే ఒక్కసారి, ఓ బడి ఆవరణలో పాడాడు. ఆ వానాకాలమే జ్వరమొచ్చి పోయాడు. ఆ పాట ఒక్క టేపులోనే ఉంది, ఆ టేపులో ఐదో చరణం మొదటి పాదం అయీ కాకముందే రాజేశం మైకు పక్కనే నిలబడి "ఆహా! శెభాష్ మామా! వారెవ్వా!" అని గొంతు చించుకుంటాడు, జనం చప్పట్లు కొడతారు, అవన్నీ సద్దుమణిగేసరికి పోచాలు మళ్లీ పల్లవిలో ఉంటాడు. ముప్పై ఏళ్లుగా అభిమానులు ఎక్కడ కలిసినా ఇదే గొడవ, ఆ కేక కింద ఏ మాటలు పోయాయని. హైదరాబాద్‌లో సౌండ్ పని చేసే సౌజన్య అనే అమ్మాయి, ఈ పాటల పిచ్చితో తనంతట తానే ముందుకొచ్చి, గొంతులను విడదీసే సాఫ్ట్‌వేర్ ఉంది, కేక తీసెయ్యమంటారా సార్ అని ఈ పొద్దున అడిగింది. వేళ్లతో సహా పీకెయ్యమన్నాడు ఓదెలు.

ఆ సంగతి రాజేశానికి తెలిసిందా? తెలిసినట్టే చూస్తున్నాడు.

"కంపెనీదే మంచిగుంటది బావా," అంటాడు ఓదెలు, ఎలాగైనా ఇతన్ని కదిలించాలని. "సాఫ్‌గుంటది. మనం తీసినయి ఏమున్నయి? కుక్కలు మొరుగుడు, పోరగాండ్లు ఏడ్సుడు, నువ్వు ఒర్రుడు."

"సాఫ్‌గుంటే పాటనా?" రాజేశం టేపు కింద పెడతాడు. "బండరాయి పాటల ఎల్లవ్వ దగ్గుతది, యాదికున్నదా? దగ్గి, మామ పాదం ఎత్తుకునేదాక ఊపిరి పట్టుకొని, మల్ల అందుకుంటది. గా దగ్గు లేకుంటే గా పాటెందుకు? కంపెనోడు గా దగ్గు తీసేసిండు. ఎల్లవ్వనే తీసేసిండు, ఎవలో పట్నం పిల్లతోని పాడిపిచ్చిండు."

"సుతి కలిసింది గద."

"సుతి కలిసింది. మొగుడు పెండ్లాలు కలువలే."

ఈ మాట ఇదివరకు ఎన్నిసార్లు అని ఉంటాడో, ఓదెలు ఎన్నిసార్లు కాదని ఉంటాడో, కరెంటు పోయిన సాయంత్రాలన్నీ ఆ దుకాణం మెట్ల మీద ఇదే తగవుతో గడిచాయి. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు, ఇద్దరు మొండివాళ్లు ఒకే పాటను ప్రేమిస్తే ఇక చెప్పేదేముంది. ఓదెలుకు నవ్వు వస్తుంది, దాన్ని అణుచుకుంటాడు, ఇప్పుడు నవ్వితే మళ్లీ అసలు మాట దాటిపోతుంది. అంతలో బస్సు ఆగినట్టుంటుంది, లేదా దుకాణం ఆగుతుంది, కిటికీలోంచి పెంకుటింటి బడి కనిపిస్తుంది, దాని ముందు చదును చేసిన నేల, నేల మీద జనం.

"దిగు," అంటాడు రాజేశం.

"దిగ. ముందుగాల జెప్పు."

"మూడేండ్ల సంది నాతోని మాట్లాడలే. ఇయ్యాల్ల మాత్రం పట్టుకున్న పట్టు ఇడ్వవు."

మూడేళ్ల కింద ఇలాంటి సభలోనే, ఎవరో ఐదో చరణం ఊసెత్తితే, ఓదెలు మైకు పట్టుకుని, రెండు వందల మంది ముందు, "గా చరణాన్ని మింగినోడు అగో, మూడో వరుసల కూసున్నడు, పాటకంటె తన నోరే ముఖ్యం గా మనిషికి" అన్నాడు. అందరూ నవ్వారు. వేళాకోళంగా మొదలుపెట్టిందే గాని, సగంలోకి వచ్చేసరికి అందులో నిజమైన కోపం చేరింది, వినేవాళ్లకూ అది తెలిసింది. రాజేశం లేచి, కండువా దులుపుకుని, బయటికి నడిచాడు. తర్వాత ఫోన్లు లేవు, మెట్ల మీద తగవుల్లేవు. చావు కబురు కూడా ఓదెలుకు వాట్సాప్ గుంపులో పదిమందితో పాటు తెలిసింది. ఇవాళ పోదాం, రేపు పోదాం అని వాయిదా వేసుకున్నందుకు అతనికి తన మీద తనకు అసహ్యం, ఆ అసహ్యాన్ని ఎవరి మీద చూపాలో తెలియక ఇదిగో ఈ పోయినవాడి మీదే విసుక్కుంటున్నాడు.

"నేను మైకుల గంత మాటంటే నువ్వెందుకు సప్పుడు జెయ్యలే? ఒక్క మాట తిరిగి అనవైతివి. నన్ను నాలుగు తిట్టచ్చు గద బావా!"

"అంటే, ఎందుకు ఒర్రిన్నో గది గూడ జెప్పాల్సొచ్చు."

"జెప్తే నీ సొమ్మేం బోయె?"

"నా సొమ్ము గాదు గది."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది వ్యవహారం. ఓదెలు పళ్లు కొరుక్కుంటూ దిగుతాడు, దిగేసరికి చేతిలో క్యాసెట్లు లేవు, టేపు రికార్డరు ఉంది, తాను బడి మెట్ల పక్కన గొంతుకు కూర్చుని ఉన్నాడు, మోకాళ్లు నొప్పి పెట్టడం లేదు, ముప్పై ఏళ్ల వయసు మోకాళ్లు. సూది ఊగుతోంది. పోచాలు పాడుతున్నాడు, పక్కన ఎల్లవ్వ కూర్చునే చోట ఎవరూ లేరు, ఎందుకంటే ఆమె ఆ ఉగాదికే పోయింది, వంత అందుకునేవాళ్లు లేక పోచాలు పల్లవి కూడా తానే పాడుకుంటున్నాడు.

"తోడితె ఊరేది సెలిమే, నా సెలిమే,
తోడకుంటె ఎండేది సెలిమే..."

నాలుగో చరణం దాటుతుంది. ఓదెలు ఊపిరి బిగపడతాడు, ఇప్పుడు వినాలి, ఈసారి కేక కింది మాటలను చెవితో ఏరుకోవాలి, సూది ఎక్కడా ఎర్రగీత దాటకుండా మీట మీద వేళ్లు పెట్టుకుని కూర్చుంటాడు.

"తోడిన సెయ్యేది సెలిమే..."

అంతే, ఒక గరుకు చెయ్యి అతని గదమ పట్టుకుని పైకెత్తుతుంది. రాజేశం ఒక చేత్తో మైకు పట్టుకునే ఉన్నాడు, ఇంకో చేత్తో ఓదెలు మొహాన్ని తిప్పుతున్నాడు.

"సూది దిక్కు కాదు బావా. మనిషి దిక్కు సూడు. గీ పాట తీసిన నాడు నువ్వొక్కపారి గూడ మనిషి దిక్కు సూడలే."

ఓదెలు చూస్తాడు. పోచాలు పాడటం లేదు. నోరు తెరిచి ఉంది, పాట దానిలోంచి రావడం లేదు, గడ్డం వణుకుతోంది, పక్కనున్న ఖాళీ జాగా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. బావుల్లో బండ పగలగొట్టిన మనిషి, ఊళ్లన్నీ మొగోడంటే వాడురా అనుకునే మనిషి, ఇంతమంది ముందు ఎక్కిళ్లు పెడుతున్నాడు. ముందు వరుసలో ఒకడు పక్కవాణ్ణి మోచేత్తో పొడవబోతున్నాడు. రాజేశం గుండెల నిండా గాలి పీలుస్తాడు.

"ఆహా! శెభాష్ మామా! వారెవ్వా!"

జనం ఉలిక్కిపడి చప్పట్లు కొడతారు. ఆ చప్పట్ల మాటున పోచాలు కండువాతో చెమట తుడుచుకున్నట్టు మొహం తుడుచుకుంటాడు, గొంతు సవరించుకుంటాడు.

"ఐదో చరణం లేదు బావా," అంటున్నాడు రాజేశం, అతని గొంతు బస్సు చప్పుడులో కలిసిపోతోంది. "మామ కట్టింది గా ఒక్క పాదమే. నాతోని ఒట్టేపిచ్చుకున్నడు, ఎవలకు జెప్పద్దని."

"నాక్కూడనా? నీ నోట్ల మన్ను వడ, నాక్కూడనా బావా?" అని ఓదెలు అరుస్తున్నాడు, రాజేశం బస్సెక్కుతున్నాడు, ఓదెలు ఈలకోసం జేబులన్నీ తడుముకుంటున్నాడు, ఈల దొరకదు, బస్సు ఆగదు.

ఫోను కుర్చీ చేతి మీద గుర్రుమంటుంటే ఓదెలు కళ్లు తెరిచాడు. మధ్యాహ్నం మూడు దాటింది. అన్నం తిని కుర్చీలో ఒరిగినవాడు ఒరిగినట్టే ఉన్నాడు, మెడ పట్టేసింది. సౌజన్య నుంచి వరుసగా మెసేజీలు వచ్చి ఉన్నాయి.

"సార్, కేక తీసేశాను. చప్పట్లు కూడా తగ్గించాను."

"దాని కింద పాట లేదు సార్. ఎవరో ఏడుస్తున్నట్టు ఉంది. ఒకసారి వినండి."

పద్నాలుగు సెకన్ల ముక్క ఒకటి పంపింది. ఓదెలు ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని విన్నాడు. ఒక ఎక్కిలి, కొంచెం ఆగి ఇంకొకటి, ముక్కు ఎగబీల్చిన చప్పుడు, ఆ తర్వాత గొంతు సవరించుకోవడం. రెండోసారి వినలేకపోయాడు.

"ఇది కూడా తీసెయ్యాలా, ఉంచాలా సార్?" అని అడిగింది సౌజన్య.

అతను ఒంటి వేలితో అక్షరం వెంట అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. "కేక ఎక్కడిదక్కడ మళ్లీ పెట్టు బిడ్డా. ఈ ముక్క ఎవరికీ పంపకు. నీ దగ్గర కూడా ఉంచకు."

కొంతసేపటికి జవాబు వచ్చింది. "సరే సార్. కానీ రేపు అందరూ మళ్లీ ఆయన్నే తిడతారు కదా?"

ఓదెలు కండువాతో మొహం తుడుచుకున్నాడు. "తిట్టరు. ఒర్రుమని సైగ చేసింది నేనే అని రేపు మైకులో చెప్తా," అని పంపి, ఫోను పక్కన పడేసి, ఎదుటి కుర్చీలో ఎవరో ఉన్నట్టే పైకి అనేశాడు.

"సచ్చి గూడ నాతోని అబద్ధమాడిపిస్తున్నవు గద బావా!"