ఐదు లీటర్ల డబ్బా

డ్రైవరమ్మ వ్యాను ఆ రోజు ఐదు లీటర్ల డీజిలుతో అరవై కిలోమీటర్లు నడవాలి. నడిస్తే వ్యాను ఉంటుంది, దానితోపాటు ఆమె ఉద్యోగమూ ఉంటుంది. నడవకపోతే వ్యాను పాత ఇనుము కొట్టుకు, ఆమె మళ్లీ ఆవిరి హాలుకు. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో ఆవిరి హాలంటే ఏమిటో అక్కడ ఆరేళ్లు నలిగిన ఆమె ఊపిరితిత్తులకు బాగా తెలుసు. "ఇంకొక్క ఏడాది ఆ ఆవిరి పీల్చావంటే నా దగ్గరికి నువ్వు నడిచిరావు, నిన్ను మోసుకొస్తారు" అని డాక్టరు మొహం మీదే చెప్పాడు. ఆ మాట విన్నాకే ఆమె పట్టుబట్టి స్టీరింగు పట్టింది. పదకొండేళ్లయింది, మళ్లీ ఆ హాలు గడప తొక్కలేదు.

వ్యాను మాత్రం లీటరుకు తొమ్మిదికి దిగజారిపోయింది. పన్నెండు ఇవ్వకపోతే తీసేయమని పైనుంచి కాగితం వచ్చింది. కాగితాలు రాసేవాళ్లకేం, ఫ్యాను కింద కూర్చుని ఎన్నయినా రాస్తారు.

షెడ్డులో మెకానిక్కుగా ఉన్న ఆమె తమ్ముడు వారం రోజులు ఆ వ్యాను కిందే కాపురం పెట్టాడు. ఎయిర్ ఫిల్టరు విప్పితే పిడికెడు దుమ్ము రాలింది. "ముక్కు మూసి పరిగెత్తమంటే ఎవరు పరిగెత్తుతారే అక్కా?" అని కొత్తది వేశాడు. ఎందుకు బిగించారో ఎవరికీ గుర్తులేని ఇనప క్యారియరును పైకప్పు మీంచి పీకేశాడు. సీటు కింద నుంచి తుప్పు గొలుసులు, ఇసుక బస్తా, పనిచేయని జాకీలు రెండు బయటపడితే, "ఇదేమన్నా అత్తారింటికి సారె మోసే బండా?" అని వెక్కిరించాడు. టైర్లు చల్లగా ఉండగానే గాలి చూడాలని ఆమె రోజూ అందరికన్నా ముందొచ్చి మీటరు పట్టేది. చక్రాల వంకర సరిచేయించారు, ఆయిలు మార్చారు. ఇన్ని చేశాక వ్యాను పదకొండున్నర దాకా వచ్చి అక్కడ మొరాయించింది. ఆ అర కోసం తమ్ముడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

పరీక్ష రోజు పొద్దున్నే స్కేలు సారు వచ్చాడు. వాహనాల మీద అజమాయిషీ ఆయనదే. జేబులో పెన్నయినా మరిచిపోతాడేమో గానీ స్కేలు మరవడు, అందుకే ఆ పేరు. ట్యాంకు పైపులు ఊడదీయించి, లోపల డీజిలు కనపడే ఐదు లీటర్ల డబ్బాను తన సీటు పక్కన కట్టించుకుని, ఆ పైపులు డబ్బాకు పెట్టించాడు. డబ్బా మీద కింది నుంచి పైదాకా అడ్డగీతలు గీసుకున్నాడు. ఆమె గుండె ఆ డబ్బాలోనే పడి ఊగుతున్నట్టు అనిపించింది.

తమ్ముడు కిటికీ దగ్గరికొచ్చి కన్ను గీటాడు. "నిశ్చింతగా పోయిరా అక్కా. చక్రాలు వెన్నలా తిరుగుతున్నాయి."

పోయేది కొండమీది ఆసుపత్రికి, ముప్పై కిలోమీటర్లు. ఉతికిన దుప్పట్లు దించి, మాసినవి ఎక్కించుకుని రావాలి. ఆమె యాక్సిలరేటరు మీద కాలు పెట్టీ పెట్టనట్టు పెట్టి పోనిచ్చింది. ముందు బండి ఆగుతుందని తెలిస్తే వంద గజాల ముందే కాలు తీసేసేది. వంతెన దగ్గర స్కేలు సారు ఒకసారి కొలిచాడు, అది దాటాక మూడు కిలోమీటర్ల దిగుడు వచ్చింది. అలవాటుగా గేరు న్యూట్రల్లోకి తోసింది. దిగుడులో న్యూట్రలైతే డీజిలు మిగులుతుందని షెడ్డులో డ్రైవర్లందరి నమ్మకం. పెద్ద డ్రైవరు ఆమెకు మొదటి రోజు నేర్పిన పాఠమే అది. దిగుడు చివర స్కేలు సారు ఆపమన్నాడు, కొలిచాడు.

"రెండు గీతలు తగ్గింది."

"దిగుడులోనా సార్?"

"నేను కొలిచేది డీజిలమ్మా, దిగుడు కాదు."

ఆమె ఒళ్లు మండి మళ్లీ స్టీరింగు పట్టింది. బ్రేకు పెడలు కాస్త లోతుగా దిగుతోందని అక్కడే అనిపించింది. తమ్ముడు చక్రాలు విప్పి కొత్తగా బిగించాడు కదా, సర్దుకుంటుందిలే అనుకుంది.

కొండ ఎక్కేసరికి డబ్బాలో సగానికన్నా తక్కువ మిగిలింది. మాసిన దుప్పట్లు తడితో బరువెక్కి ఉన్నాయి, మూటలు ఎక్కుతుంటే వ్యాను వెనక్కి కుంగింది. కొండ అంచున స్కేలు సారు మళ్లీ కొలిచి పుస్తకంలో రాసుకున్నాడు. "ఇలాగే పోతే అటో ఇటో అన్నట్టుంది" అన్నాడు. ముందర ఎనిమిది కిలోమీటర్ల ఘాటు రోడ్డు, మలుపు మలుపుకీ దిగుడే. ఇక్కడ మిగిల్చుకున్నదే మిగులు అనుకుని, ఆమె న్యూట్రల్లో వదిలేసింది.

మొదటి మలుపులో బ్రేకు తొక్కింది. పెడలు సర్రున కిందికి పోయింది. వ్యాను వేగం కొంచెం తగ్గి, మళ్లీ అందుకుంది. కాలు తీసి మళ్లీ తొక్కింది, మళ్లీ మళ్లీ తొక్కింది. మూడోసారికి పెడలు కొద్దిగా పైకొచ్చి పట్టింది.

అప్పుడు అర్థమైంది. చక్రాలు వెన్నలా తిరుగుతున్నాయన్నాడు కదా! ఆ అర కిలోమీటరు కోసం వాడు వెనక బ్రేకులు వదులు చేశాడు. బ్రేకు షూలు డ్రమ్ముకు రవ్వంత కూడా రాసుకోకూడదని, మరీ దూరం జరిపేశాడు. వెధవ, నా మీద ప్రేమతో నన్నే లోయలోకి తోస్తున్నాడు, అనుకుంది.

రెండో మలుపు కనపడుతోంది. గేరులో వేస్తే ఇంజను బండిని పట్టి ఉంచుతుంది. కానీ ఇంజను అరుపు మొదలుపెడుతుంది, అరిచే ఇంజను తాగుతుందనే ఆమెకు ఇన్నాళ్లూ తెలుసు. గేరు వేయడమంటే ఆవిరి హాలు తలుపు తన చేత్తో తీసుకోవడమే. పక్కన ఆ మనిషేమో లోయ వంక చూడడం మాని డబ్బా వంకే చూస్తున్నాడు, పాపం ఏమీ తెలియదు.

పళ్లు బిగించి మూడో గేరులోకి లాగింది, వెంటనే రెండులోకి. వ్యాను గట్టిగా మూలిగి, ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకున్నట్టు నెమ్మదించింది.

"ఏంటమ్మా, ఇంజను అంత గోల పెడుతోంది?"

"పెట్టనివ్వండి సార్. గట్టిగా పట్టుకుని కూర్చోండి."

ఐదో మలుపు తిరగ్గానే రోడ్డుకు అడ్డంగా రోలరు, దాని పక్కన తారు పోస్తున్న మనుషులు. ఒకామె తట్టతో వంగి ఉంది. డ్రైవరమ్మ హారను మీద చెయ్యి తీయకుండా పెడలును టపటపా తొక్కింది, చేతిబ్రేకు లాగింది, గేరు ఒకటిలోకి దించింది. వ్యాను వణుకుతూ జరిగి జరిగి, రోలరుకు జానెడు దూరంలో ఆగింది. తట్ట పట్టుకున్నామె తలెత్తి నాలుగు తిట్లు తిట్టింది. ఆ తిట్లు వింటుంటే డ్రైవరమ్మకు ప్రాణం లేచొచ్చింది.

మిగతా ఘాటంతా రెండో గేరులోనే దిగింది. అడుగున స్కేలు సారు ఆపించి డబ్బా కొలిచాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ కొలిచాడు.

"తగ్గలేదు" అన్నాడు. "పైన ఎక్కడుందో అక్కడే ఉంది."

ఆమె నమ్మలేదు. తనూ వంగి చూసింది. నిజమే, గీత కదల్లేదు. దిగుడులో గేరు వేసి యాక్సిలరేటరు వదిలేస్తే చక్రాలే ఇంజనును తిప్పుతాయి, దానికి డీజిలుతో పనే లేదు. న్యూట్రల్లో వదిలితేనే అది ఊరికే తిరగడానికి తాగుతూ ఉంటుంది. పదకొండేళ్లు అందరూ కలిసి దిగుళ్లన్నిట్లో డీజిలు పారబోసి, పొదుపు చేశామని చంకలు గుద్దుకున్నారు.

లాండ్రీ గేటు చేరేసరికి డబ్బాలో రెండు వేళ్ల డీజిలు మిగిలింది. తమ్ముడు పరిగెత్తుకొచ్చాడు. "చెప్పానా! చెప్పానా అక్కా!" అంటూ గంతులేశాడు. స్కేలు సారు బానెట్టు మీద కాగితం పెట్టి పెన్ను తీశాడు. ఆయన సంతకం పెడితే చాలు, ఇక ఆవిరి హాలు లేదు. ఆమె ఆ పెన్ను వంకే చూసింది. నోరు విప్పకుండా ఉంటే ఎవరికీ ఏమీ తెలియదు. తట్ట పట్టుకుని వంగి ఉన్న మనిషి మాత్రం కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

"రాయకండి సార్" అంది. "బ్రేకులు సరిగ్గా లేవు. వదులుగా ఉన్నాయి. అలా వచ్చిన మైలేజీ నాకొద్దు."

తమ్ముడి మొహంలో నెత్తుటి చుక్క లేదు. స్కేలు సారు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తను ఏ బండిలో కూర్చుని వచ్చాడో అప్పుడు తెలిసినట్టుంది, చెయ్యి బానెట్టుకు ఆనించుకున్నాడు. "కాగితం సాయంత్రంలోగా పంపాలి. బిగించుకుని రండి. ఇంకొక్కసారే."

బ్రేకులు బిగిస్తున్నంతసేపూ తమ్ముడు తల ఎత్తలేదు. "ఇక పదకొండున్నర దాటదే అక్కా. నీ కడుపు కొట్టినవాణ్ణయ్యాను" అన్నాడు.

"లే. వెనక ఎక్కు."

"నేనా? డెబ్బై కిలోలు పెరుగుతుందే! మైలేజీ పడిపోతుంది."

"పడనీ. నువ్వు బిగించిన బ్రేకు మీద నువ్వు కూర్చోవా? ఎక్కు."

స్కేలు సారు డబ్బాను మళ్లీ ఐదు లీటర్లకు నింపించాడు. ఈసారి వంతెన దిగుడులో కూడా ఆమె గేరు తీయలేదు. స్కేలు సారు కొలిచాడు, మారలేదన్నాడు. కొండ ఎక్కారు, మూటలు మార్చారు, ఘాటులో దిగారు. ప్రతి మలుపులోనూ పెడలు సగంలోనే ఆమె కాలిని గట్టిగా పట్టుకుంది. రోలరు ఇంకా అక్కడే ఉంది. ఆమె నిదానంగా దాని పక్కనుంచి పోనిచ్చింది.

ఇక ఐదు కిలోమీటర్లు మిగిలాయి. డబ్బా అడుగు కనపడుతోంది. పైపు మూతి దగ్గర డీజిలు ఊగినప్పుడల్లా ఆమె యాక్సిలరేటరు మీద కాలు ఇంకాస్త తేలిక చేస్తోంది. లాండ్రీ పొగగొట్టం కనపడింది, తరవాత గోడ, తరవాత గేటు. వ్యాను లోపలికొచ్చి ఆగింది. ఇంజను ఆగలేదు, ఆమే ఆపింది.

స్కేలు సారు స్కేలు పెట్టబోయి, మానుకుని, వేలు ఆనించి చూశాడు. "వేలెడుంది" అని నవ్వి, సంతకం పెట్టాడు.

ఆమె దిగి వెనక తలుపు తీసింది. తమ్ముడు దిగలేదు. మాసిన మూటను రెండు చేతులతో వాటేసుకుని కూర్చున్నాడు, కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"పొద్దున నువ్వు దిగింది ఆ ఘాటేనా అక్కా? నేను వదులు చేసిన బ్రేకుతో?"

ఆమె దగ్గరికి వంగింది. చెయ్యి అందించి కిందికి దింపింది.

"ఆ డబ్బా విప్పు. మిగిలిన డీజిలు ట్యాంకులో పోసి పైపులు పెట్టు. మిగతా ఆసుపత్రుల మధ్యాహ్నం దుప్పట్లు ఇంకా వెళ్లలేదు."