మంగళవారం వచ్చే జనం

దాసన్న ఉద్యోగం వారానికి ఒక్క పూట. మంగళవారం పొద్దున తొమ్మిదికి యంత్రం పని మొదలుపెట్టి పదికి ముగిస్తుంది. ఆ తరువాత దాసన్న ‘చూశాను’ అనే బటను నొక్కాలి. మిగిలిన రోజుల్లో ఎవరైనా ఫిర్యాదు పంపితే, అది యంత్రం చేసిన తప్పని మర్యాదగా జవాబు రాయాలి.

ఎవరి వెబ్‌సైటుకు ఎంతమంది వచ్చిపోయారో లెక్కపెట్టే కంపెనీ ఒకటుంది. ఆ లెక్కలను బయటివాళ్ల ప్రోగ్రాములు అడిగి తెచ్చుకోవాలంటే మధ్యలో ఒక లైబ్రరీ కావాలి. అంటే, ఏది ఎలా అడగాలో రాసిపెట్టిన మూడు వందల ఫైళ్ల మూట. దాన్ని ఇచ్చేది దాసన్న పనిచేసే వేరే కంపెనీ, కాని అక్కడా దాన్ని మనిషి రాయడు. లెక్కల కంపెనీ తన దగ్గర ఏమేమి దొరుకుతాయో ఒక వివరణ పత్రంలో పెడుతుంది. యంత్రం దాన్ని చదివి ప్రతి మంగళవారం పాత ఫైళ్లను తుడిచేసి మూడు వందలూ కొత్తగా రాస్తుంది. ప్రతి ఫైలు నెత్తినా ఒకటే మాట ఉంటుంది: ఇది యంత్రం రాసినది, చేత్తో మార్చవద్దు.

చేత్తో మార్చకూడని దానికి మనిషెందుకని దాసన్న చేరిన రోజే అడిగాడు. ఎక్కడో ఒక మనిషి పేరు ఉండాలని ఖాతాదారులు పట్టుబట్టారట. పేరు చాలు, పని అక్కర్లేదు. అట్లాంటి ఉద్యోగానికి చదువుకున్నవాళ్లు ఎవరూ నిలవలేదు. దాసన్న నిలిచాడు. బేతంచెర్ల దగ్గర గుండ్లకొట్టాల వాళ్ల ఊరు. పదో తరగతి చదివి, పాలిష్ ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లు లారీకి ఎన్ని నాపబండలు ఎక్కాయో కంప్యూటరులో కొట్టాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈ పని దొరికింది. మొదటి ఏడాది ఆ ఫైళ్లలో ఏమీ అర్థం కాలేదు. రెండో ఏడాది అర్థమైంది. మూడో ఏడాది కోపం వచ్చింది.

ఆ మూడో ఏడాది జూన్‌లో కర్నూలులోని చర్చీల పై ఆఫీసు నుంచి వాళ్ల ఊరి చర్చికి కాగితం వచ్చింది. కింద ఉన్న నూట ముప్పై ఒక్క చర్చీలకూ ఆఫీసువాళ్లు అంతకు ముందే తలా ఒక వెబ్‌పేజీ పెట్టారు. పేజీకి ఎవరూ రాకపోతే ఆ చర్చికి కూడా ఎవరూ రావడం లేదని ఇప్పుడు తేల్చారు. సందర్శకులు సున్నా అని చూపే చర్చీలను ఆగస్టు ఆఖరున మూసి, స్థలాలు లీజుకిస్తారు. గుండ్లకొట్టాలకు సున్నా. పక్కనే క్వారీ ఉంది. వాళ్లు గోడ అవతలి దాకా ఎప్పుడో తవ్వుకొచ్చారు.

చర్చి వెనక సమాధుల తోట. అందులో గోడ వారగా మార్తమ్మ ఉంది. దాసన్న భార్య. పోయి నాలుగేళ్లయింది. దాసన్న ఆ రోజు ఏడవలేదు, తరువాతా ఏడవలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక పోయి ఆమె పక్కన గంటసేపు కూర్చుని వచ్చేవాడు. బతికుండగా ఏ రోజూ కూర్చోలేదు. క్వారీవాళ్లు యంత్రంతో బండను లేపినప్పుడు కింద ఎవరున్నారో చూడరు. ఆ సంగతి ఫ్యాక్టరీలో పనిచేసినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

పాస్టరు జోసెఫ్ అయ్యగారు వచ్చే ఆదివారం సంఘమంతా పేజీని దర్శించాలని చాటింపు వేయించాడు. అందరి ఇళ్లలోనూ ఫోన్లున్నాయి. అయితే చర్చిలోకి ఫోను తేకూడదనేది అయ్యగారి కట్టడి. దర్శించడం మాత్రం చర్చిలోనే జరగాలి కదా. అందుకని అయ్యగారి ఫోను ఒక్కటే బల్ల మీద, తెల్లగుడ్డ పరిచి పెట్టారు. జనం చెప్పులు విడిచి, ఆడవాళ్లొక వరుస, మగవాళ్లొక వరుసగా రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే సంస్కారానికి వచ్చినట్టు వచ్చారు. ఒక్కొక్కరూ వేలితో తాకి, పేజీ తెరుచుకున్నాక “వచ్చినా అయ్యగారూ” అని చెప్పి పోయారు. దాసన్నా తాకాడు. పక్క వీధి చౌడమ్మ ఈ మతం మనిషి కాదు. అయినా ఇరుగుపొరుగు బాగు కోరి వరుసలో నిలబడింది.

“నాది పడిందా అయ్యగారూ?”

“పడిందమ్మా.”

“ఇంగొకసారి ముట్టుకుందునా?”

“చాలులేమ్మా. ఎనకాల జనముండారు.”

మంగళవారం ఆఫీసు లెక్క వచ్చింది. సున్నా.

దాసన్న చర్చీల ఆఫీసుకు ఫోను చేశాడు. లెక్కలు చూసే సెక్రటరీ పేరు క్రాంతి కుమార్. మా ప్రోగ్రాము ఫలానా లైబ్రరీ ద్వారా తెస్తుంది, అది తప్పు చెప్పదన్నాడు. దాసన్న లైబ్రరీ పేరు ఇంకోసారి చెప్పించుకుని ఫోను పెట్టేశాడు. అది తన లైబ్రరీయే.

ఆ పూటే కూర్చుని చూశాడు. లెక్కల కంపెనీ చర్చీల పట్టీని ఎక్కువమంది వచ్చిన దానితో మొదలుపెట్టి వరుసగా ఇస్తుంది. ఒక్కో విడతకు వంద పేర్లు. చివర ‘ఇంకా ఉన్నాయి’ అని చెబుతుంది. యంత్రం రాసిన లైబ్రరీ ఆ మాట వినిపించుకోదు. మొదటి వందతో ఊరుకుంటుంది. తక్కిన ముప్పై ఒక్కటీ ఆఫీసు దృష్టిలో సున్నాలే.

నాలుగు వరుసలు రాస్తే సరిపోతుంది. దాసన్న రాశాడు. రెండో విడత కూడా వచ్చింది. అట్టడుగున, నూట ముప్పై ఒకటో పేరు: గుండ్లకొట్టాల. సందర్శకులు ఒకరు.

అయ్యగారి దగ్గరికి పోయి చెప్పాడు.

“ఒక్కడే నూట నలభై మూడు సార్లు వచ్చినాడంట.”

“అంత భక్తి ఎవరిదప్పా మనూర్లో?”

“మీ ఫోనుది.”

అయ్యగారు ఫోనును జేబులోంచి తీసి ఒకసారి చూసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. “పోనీలే, ఒకటైనా సున్నా కాదు కదా” అన్నాడు. నిజమే. ఆ ఒకటి ఆఫీసుకు చేరితే చాలు. చేరదు. చేత్తో మార్చిన ఫైలు బయటి జనానికి అందేది మరునాడు. మంగళవారం మార్చితే బుధవారం. ఆఫీసు ప్రోగ్రాము లెక్క తెచ్చేది మంగళవారం మధ్యాహ్నం. ఆ పొద్దున్నే యంత్రం మూడు వందల ఫైళ్లూ తుడిచి కొత్తవి రాసి ఉంటుంది. దాసన్న నాలుగు వరుసలు బుధవారం నుంచి సోమవారం దాకా బతికి, మంగళవారం పొద్దున పోయేవి. వరుసగా మూడు వారాలు రాశాడు, మూడు వారాలూ పోయాయి.

“బుధవారం తీసుకోండప్పా లెక్క, మీ సొమ్మేం పోతాది?” అని క్రాంతి కుమార్‌ను అడిగాడు.

“కమిటీ తీర్మానంలో మంగళవారమని ఉండాది. మార్చాలంటే కమిటీ కూర్చోవాల.”

“ఎప్పుడు కూర్చుంటారు?”

“సెప్టెంబరులో.”

హైదరాబాదులో తన పై అధికారి హేమావతికి ఫోను చేశాడు. ఎమ్మిగనూరు మగ్గాలవాళ్ల పిల్ల. ఆఫీసులో ఎట్లా మాట్లాడుతుందో గాని, దాసన్నతో ఇంటి మాటే మాట్లాడుతుంది.

“దాసన్నా, ఫైలు మొదట్లో ఏం రాసుండాది?”

“చేత్తో మార్చొద్దని.”

“మార్చినావా?”

“మార్చినా.”

“పోయిందా?”

“పోయింది.”

“మల్ల ఇంగేంది?”

“యంత్రం తప్పు రాస్తాందమ్మా. వంద కాడ నిలబడిపోతాది.”

“యంత్రం వివరణ పత్రం చూసి రాస్తాది. ఆ పత్రం దిద్దమని అడిగినా వాళ్లను. దాన్ని కూడా యంత్రమే రాస్తాదంట.”

“దేన్ని చూసి రాస్తాది?”

“మన లైబ్రరీని చూసి.”

హేమావతికే జాలి వేసింది.

“చెయ్యి పెట్టదగ్గ ఫైలు ఒకటే ఉండాదన్నా. నమూనా ఫైలు. శానా ముందర ఎవరో మనిషి రాసినాడంట. యంత్రం దాన్ని తుడవదు. నీకంత దురదగా ఉంటే దాన్ని గోక్కో.”

నమూనా ఫైలులో ఎనిమిది వరుసలున్నాయి. యంత్రం కొత్త లైబ్రరీ రాశాక అది పనిచేస్తుందో లేదో తానే పరీక్షించుకుంటుంది. అందుకు ఒక పేజీకి నాలుగు వేల మంది వచ్చినట్టు నటిస్తుంది. ప్రతిసారీ కొత్త మనిషి వేషం. ఏ పేజీకి రావాలన్నది నమూనా ఫైలులో ఉంటుంది. అక్కడ ఎప్పుడో మూతపడిన ఒక చెప్పుల దుకాణం పేజీ ఉంది.

దాసన్న చెప్పుల దుకాణం తీసేసి గుండ్లకొట్టాల చర్చిని పెట్టాడు. యంత్రం అభ్యంతరం చెప్పలేదు.

ఆ మంగళవారం నాలుగు వేల మంది చర్చికి వచ్చారు. పై వారం ఇంకో నాలుగు వేలు. పరీక్షలు ఎక్కువైన వారం ఎనిమిది వేలు. పట్టీలో అడుగున ఉన్న పేరు మొదటి విడతలోకి లేచి, ఆపైన అందరి నెత్తి మీదికి ఎక్కింది. ఆగస్టు ఆఖరుకు గుండ్లకొట్టాల చర్చి సందర్శకులు నలభై ఒక్క వేలు. కర్నూలు పట్టణంలోని పెద్ద చర్చి రెండోది, రెండు వేల ఆరు వందలతో.

మూసే చర్చీల జాబితాలో ముప్పై ఒక్క పేర్లు వచ్చాయి. గుండ్లకొట్టాల లేదు, దాని బదులు వందో చోటు నుంచి జారిన ఊరొకటి ఉంది. దాసన్న ఆ ఆదివారం మార్తమ్మ దగ్గర రెండు గంటలు కూర్చున్నాడు. ఆ ముప్పై ఒక్క ఊళ్ల సమాధుల గురించి ఆలోచించలేదు. వాటి సంగతి చూసుకోవడానికి ఆ ఊళ్లకూ ఒక దాసన్న ఉండాల్సింది.

సెప్టెంబరులో కమిటీ కూర్చుంది. అరవై ఇళ్ల ఊరికి నలభై ఒక్క వేల మంది వస్తుంటే వాళ్ల బండ్లు ఎక్కడ పెడుతున్నారని ఒక పెద్దమనిషి అడిగాడు. యాత్రికులకు ఇబ్బంది కలగకుండా చర్చి వెనక ఖాళీ స్థలంలో బండలు పరిచి పార్కింగు కట్టాలని తీర్మానించారు. వెనక ఉన్నది సమాధుల తోట. ఆఫీసు పటంలో అది ఖాళీ స్థలం.

దాసన్న బస్సెక్కి కర్నూలు పోయాడు. క్రాంతి కుమార్ బల్ల ముందు నిలబడి ఉన్నదంతా చెప్పాడు. వచ్చింది మనుషులు కాదు, యంత్రమని. తానే పిలిచానని. క్రాంతి కుమార్ ముప్పై ఏళ్లవాడు, చొక్కా నలగనివాడు. ఓపిగ్గా విన్నాడు.

“మరి నిజంగా వచ్చిందెంతమంది?”

“నూట నలభై మూడు మంది. ఒక ఫోనులో.”

“అంటే ఒకటి.”

“ఒకటి.”

“చూడప్పా. యంత్రమని నేను రాస్తే నీ లెక్క ఒకటి అయితాది. ఒకటి మొదటి వందలో రాదు. అప్పుడు సున్నా అయితాది. సున్నా అయితే మూసేస్తాము, క్వారీకి పోతాది. రాయకుంటే పార్కింగు. ఏదో ఒకటి చెప్పు, నాకు ఇంగా పనుండాది.”

“మూడోది లేదా?”

“మూడోదానికి గడి లేదు.” కంప్యూటరు తెర ఇటు తిప్పి చూపించాడు. నిజంగానే రెండే గడులున్నాయి.

దాసన్న బల్ల అంచు పట్టుకుని ఆలోచించాడు. క్వారీవాళ్లు తవ్వుతారు. వీళ్లు పరుస్తారు. తవ్వితే మనిషి పోతుంది. పరిస్తే కిందనే ఉంటుంది.

“పరవండి” అన్నాడు.

అక్టోబరులో లారీలు వచ్చాయి. సిలువలు తీసి చర్చి గోడకు ఆనించారు. నేల చదును చేసి, మంచి పాలిష్ బండలు పరిచారు. ఊళ్లో ఆడవాళ్లు గోపన్న మేస్త్రీని తిట్టారు. ఆయన తల దించుకుని, రాతి కొలతలు పట్టుకుంటూ పనిచేశాడు. ఆయన తల్లి కూడా ఆ నేల కిందే ఉంది. గీతలు గీసే పని, నంబర్లు వేసే పని, ఊడ్చే పని దాసన్న అడిగి తీసుకున్నాడు. గీతలు కారు కొలతకు గీయలేదు. అరవై రెండు సమాధులు ఎక్కడెక్కడ ఉన్నాయో పక్కన నిలబడి జనం చెబుతుంటే అట్లా గీశాడు. కొన్ని వంకరగా, కొన్ని ఇరుగ్గా, బిడ్డలవి మరీ చిన్నవిగా వచ్చాయి. స్కూటరు కూడా పట్టని పార్కింగు అది. ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చినవాడు నంబర్లు లెక్కపెట్టి, అరవై రెండు ఉన్నాయని రాసుకుని పోయాడు.

సమాధుల పండుగనాడు జనం తమ తమ నంబర్లలో నిలబడి కొవ్వొత్తులు వెలిగించారు. సున్నం కొట్టడానికి పైన సమాధులేవీ మిగలలేదు గనుక గీతలకే కొట్టారు.

ఒక్క బండీ రాలేదు. యంత్రం మాత్రం ప్రతి మంగళవారం వస్తూనే ఉంది.

డిసెంబరు మొదట్లో ఒక శనివారం తెల్లకారు ఒకటి వచ్చింది. కడప నుంచి. అందరికంటే ఎక్కువమంది దర్శించే చర్చి అని ఎక్కడో చదివి, భార్యను, అత్తను వెంటబెట్టుకుని వచ్చాడు ఆయన. అద్దం దించి చుట్టూ చూశాడు. చీపురు పట్టుకుని దాసన్న ఒక్కడే ఉన్నాడు.

“ఏమప్పా, ఈడికి శానా జనం వస్తారంట కదా. యాడ ఒకరూ కనపడరే?”

“మంగళవారం వస్తారు.”

“అట్లనా. సరే, బండి పెట్టేసి లోపలికి పోయొస్తాము.” గోడ వారగా, నీడ పడే చోటికి కారు తిప్పాడు. పదిహేడో నంబరు.

దాసన్న చీపురుతో సహా అడ్డం వచ్చి నిలబడ్డాడు.

“అది ఖాళీ లేదు.”

ఆయన కారు ఆపి, బండల వంక, దాసన్న వంక చూశాడు. “ఖాళీగానే ఉండాది కదప్పా?”

“లేదు. మనిషి ఉండాది.”

“ఎవరు?”

“నా పెండ్లాం.”

ఆయన గేరు మార్చి వెనక్కి తీసి పక్క గీతల వైపు తిప్పబోయాడు.

“అది సోమన్నది” అన్నాడు దాసన్న. “దాని పక్కది మేస్త్రీ వాళ్లమ్మది. ఆ మూలవి రెండూ పసిబిడ్డలవి, ఆడ నడిచేటప్పుడు కూడా చెప్పులు తీసేస్తాము.”

కారులో అత్తగారు అప్పటికే చెప్పులు విడిచేసింది.

“మరి యాడ పెట్టమంటావప్పా?”

“రోడ్డు మీద పెట్టుకో” అని దాసన్న పదిహేడో నంబరు ఊడవడం మొదలుపెట్టాడు.