కండక్టరు ఈల

రోజూ పొద్దున ఏడింటికి, రిటైరైన కండక్టరు గడప మీద కూర్చుని తన ఈల తుడుచుకునేవాడు. ముప్పై ఏళ్లు బస్సులో వేసిన ఈల. ఒకటి వేస్తే బండి ఆగాలి, రెండు వేస్తే కదలాలి. ఆయన రిటైరైనా ఈల రిటైరవలేదు. వీధిలో ఒకటి వేస్తే, వినిపించినంత మేరా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయేవాళ్లు. రెండు వేస్తే, ఆగిన అడుగు పూర్తిచేసుకుని ముందుకు పోయేవాళ్లు. కుళాయి వచ్చే వేళల్లాగే అదీ అందరికీ అలవాటైపోయింది.

ఈల వెయ్యమని మొదట అడిగింది వీధివాళ్లే. వరసగా మూడు సైకిళ్లు పోయాయి. నాలుగో సైకిలెక్కిన దొంగని ఈల పెడలు మీదే నిలబెట్టేసింది. కుట్టుమిషనావిడ సంతోషంతో ఆయనకో చొక్కా కుట్టిపెట్టింది. "నువ్వుంటే తలుపు బార్లా తీసి పడుకోవచ్చన్నయ్యా" అంది.

దొంగలు రావడం మానేశారు. ఈల మానలేదు. పిల్లల బంతి గోడకి తగిలితే ఈల. ఎవరైనా గట్టిగా నవ్వితే ఈల. వీధి మూల సెలూన్లో కత్తి ఎవరి గడ్డం మీదో సగంలో ఆగిపోయేది.

"సగం గడ్డంతో మనిషి ఆఫీసుకెలా పోతాడు కండక్టరు గారూ?" అన్నాడు సెలూనాయన.

"ఆలస్యంగా పోతాడు. క్షేమంగా పోతాడుగా."

"దొంగలు లేరు గదన్నయ్యా, మమ్మల్నెందుకు ఆపడం?" అంది కుట్టుమిషనావిడ.

"నేను ఆపుతున్నాను గనకే లేరు."

ఎవరి పనికి వాళ్లు పోయారు. ఎంతైనా తలుపులు తీసి పడుకోవడం అందరికీ బాగానే ఉంది.

ఆయన చెడ్డవాడు కాదు. ఒకప్పుడు కదిలే బస్సు ఫుట్‌బోర్డు మీంచి జారి ఆయన భార్య పోయింది. ఆ రోజు బస్సు కదలమని రెండు ఈలలు వేసింది ఆయనే.

కూతురికి దూరపు ఊళ్లో అద్దాల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. సోమవారం బ్యాగు పట్టుకుని గడప దాటబోయింది. ఈల. ఒక కాలు గాల్లోనే ఉండిపోయింది. వీధి చివర, ఈల వినపడని దూరంలో, ఏడుంబావు బస్సు వచ్చి వెళ్లిపోయాక ఆయన రెండు వేశాడు. మంగళవారమూ అంతే.

"ఎందుకు నాన్నా?"

"ఇక్కడ నీకేం తక్కువమ్మా?"

"ఏమీ తక్కువ లేదు. వెళ్లడమొక్కటే లేదు."

బుధవారం చేరకపోతే ఇంకొకర్ని తీసుకుంటామని ఫ్యాక్టరీ నుంచి ఫోనొచ్చింది.

బుధవారం ఆయన లేచేసరికి కూతురి మంచం ఖాళీ. చెప్పుల్లేకుండా పరిగెత్తాడు. సెలూను దగ్గరికి వచ్చేసరికి బస్సు ఆగి ఉంది, కూతురు వీపు ఇటు పెట్టి ఫుట్‌బోర్డు మీద కాలు మోపుతోంది. ఊపిరంతా కూడదీసుకుని ఒక ఈల వేశాడు. బస్సు ఇంజను చప్పుడు ఆగింది, లేచిన దుమ్ము ఆగింది, కూతురి జడ గాల్లో ఆగింది.

అప్పుడే ఆయన గుండెని ఎవరో పిడికిట్లో పట్టి నొక్కినట్టయింది. రోడ్డు మీద కూలబడ్డాడు. నాలుగు బారల దూరంలో సెలూనాయన కత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. కుట్టుమిషనావిడ గుమ్మంలో ఉంది. ఇద్దరి కళ్లూ ఆయన మీదే. కాలు కదిపే వీలు మాత్రం ఏ ఒక్కరికీ లేదు. వీధిలో దొంగ లేడు, ప్రమాదం లేదు, చప్పుడు లేదు. మంచినీళ్లిచ్చే చెయ్యి కూడా లేదు.

చాలాసేపు కూతురి మడమ వైపు చూశాడు. తర్వాత మిగిలిన ఊపిరిని రెండు ముక్కలు చేసి, రెండు ఈలలు వేశాడు.

సెలూనాయన ఒక్క ఉదుటున వచ్చి ఆయన తల ఒళ్లోకి తీసుకున్నాడు. కుట్టుమిషనావిడ నీళ్ల చెంబుతో వచ్చింది, ఆ వెనకాలే ఆటో పిలుచుకొచ్చింది. కూతురు మాత్రం ఆగిన అడుగు పూర్తిచేసి, బస్సెక్కేసింది.

"అమ్మాయిని పిలవనా?" అన్నాడు సెలూనాయన.

ఆయన వద్దని తలూపి, ఈల తీసి కుట్టుమిషనావిడ చేతిలో పెట్టాడు. బస్సు కదిలింది. ముప్పై ఏళ్లు అందరికీ చెప్పిన మాటే, ఎవరికీ వినపడనంత మెల్లగా అన్నాడు.

"ఫుట్‌బోర్డు మీద నిలబడకు. లోపలికి జరుగమ్మా, లోపలికి."