కొలత చెప్పే గొంతు

కత్తెర చప్పుడు వింటే ఆ పిల్ల చెవులు మూసుకుంటోంది. కుట్టుపని ఇంట్లో పుట్టి కత్తెరంటే భయమేమిటని ఎవరైనా నవ్విపోతారు. కాని శుక్రవారం బడి బాత్రూములో దీపం ఆర్పేసి, ఇద్దరు చేతులు విరిచి పట్టుకోగా, మూడోది కసుక్కుమని ఎడమ జడ కోసినప్పటినుంచీ అదే వరస. ఆ మూడోది క్లాసులోకెల్లా పొడుగుపిల్ల. అమ్మ మిగులు గుడ్డలు అతికి యూనిఫాం కుట్టిందని కనిపెట్టి, ఈ పిల్లకు "గుడ్డపీలిక" అని పేరు పెట్టిందీ అదే.

తెగిన జడ కనబడకుండా రెంటినీ పైకి మడిచి రిబ్బన్లు బిగించుకుంది పిల్ల. అమ్మ గమనించలేదు. బడులు తెరిచిన రోజులు, ఆవిడకు తల ఎత్తే తీరికెక్కడిది? చెబుదామని దగ్గరికి వెళ్ళి, దారమో సూదో అందించి వచ్చేసేది. ఏడుపొచ్చినా బాగుండేది, అదీ రాలేదు. సోమవారం నీ పని చెబుతామన్నారు వాళ్ళు. ఏం చేస్తారో చెప్పలేదు. చెప్పకపోవడమే ఎక్కువ భయంగా ఉంది.

ఆదివారం మధ్యాహ్నం అమ్మ బట్టలు కుట్టే కొట్టు గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. పొడుగుపిల్ల, వెనకే వాళ్ళమ్మ. పిల్ల కుట్టుమిషను వెనక్కి జరిగింది. పొడుగుపిల్ల మాత్రం చుట్టాలింటికి వచ్చినట్టు నవ్వింది. ఇద్దరూ ఒకే క్లాసని తెలిసి వాళ్ళమ్మ మురిసిపోయింది. కూతురికి కొత్త యూనిఫాం కావాలంది. అమ్మ బల్ల మీద గుడ్డ పరిచి సుద్ద అందుకుని, కొలతలు తీయమని పిల్ల చేతికి టేపు ఇచ్చింది.

ఆ కొట్టులో ఒక పద్ధతుంది. టేపు పట్టినవాళ్ళు పైకి చెప్పాలి. సుద్ద పట్టినవాళ్ళు ఆ మాటే తిరిగి పలికి గుడ్డ మీద వేసుకోవాలి. తల్లీకూతుళ్ళిద్దరికీ అది ఊపిరి తీసుకున్నంత అలవాటు. చెవిలో పడ్డది నోట్లోంచి వచ్చేస్తుంది, మధ్యలో బుర్రకు పని లేదు.

"భుజం పద్నాలుగు."

"పద్నాలుగు," అంది అమ్మ తల ఎత్తకుండా.

"చెయ్యి తొమ్మిది."

"తొమ్మిది."

మెడ కొలవడానికి పిల్ల మునివేళ్ళ మీద లేచింది. పొడుగుపిల్ల వంగి, పెదవి కదపకుండా చెవిలో ఏదో ఊదింది. బాత్రూములోని చీకటి మళ్ళీ వచ్చి పిల్ల కళ్ళ మీద కూర్చుంది. భయానికి బుర్ర మొద్దుబారింది. నోరు మాత్రం తన పని తాను చూసుకుంది.

"మెడ పదమూడు. మీ అమ్మకు చెప్పావో, రేపు రెండో జడ కూడా కోస్తా."

"పదమూడు," అంది అమ్మ. "మీ అమ్మకు చెప్పావో, రేపు రెండో జడ..."

సుద్ద ఆగిపోయింది.

చెవిలో పడ్డ మాట తాను పైకి అనేసినట్టు పిల్లకు అప్పుడు తెలిసింది. చచ్చాననుకుంది. ఎవరి మొహమూ చూడలేక టేపు మీది అంకెలు చూస్తూ నిలబడింది. అమ్మ బల్ల చుట్టూ తిరిగి వచ్చి, పిల్ల రిబ్బన్లు విప్పింది. మొద్దులా తెగిన జుట్టు భుజం మీద పడింది. ఆటకి చేశామని గొణిగింది పొడుగుపిల్ల. పిల్లలన్నాక, అని మొదలుపెట్టిన వాళ్ళమ్మ ఆ జుట్టు చూసి మిగతా మాట మింగేసింది.

"ఇంకేం చేశారే?" అంది అమ్మ.

పిల్ల టేపు వేలికి చుట్టుకుంటూ పోయింది.

"కొలత చెప్పినట్టే చెప్పు తల్లీ. ఒక్కో ముక్కా చెప్పు."

"దీపం ఆర్పేశారు."

"దీపం ఆర్పేశారు."

"చేతులు విరిచి పట్టుకున్నారు."

"చేతులు విరిచి..." అమ్మ పిల్ల మణికట్టు నిమిరి మాట పూర్తిచేసింది. పిల్ల చెప్పినవన్నీ పొడుగుపిల్ల వాళ్ళమ్మ రెండేసిసార్లు వినాల్సి వచ్చింది. చివరికి కూతురి రెక్క పట్టుకుని, అమ్మ వైపు చూడలేక గుమ్మం దిగిపోయింది.

"రేపు నేను బడికి వెళ్ళనమ్మా," అంది పిల్ల.

"నేనూ వస్తా. ముందు పెద్ద మేడం గదికే పోదాం."

"నీకు భయం వెయ్యదా?"

"ఎందుకు వెయ్యదే? చదువుకున్నవాళ్ళ ముందు నాకు మాట తడబడుతుంది. నేనెక్కడైనా ఆగిపోతే నువ్వు అందుకోవాలి."

పిల్ల టేపు చుట్టి పక్కన పెట్టింది. తర్వాత, పెద్ద మేడంతో మొదట ఏ మాట చెబుదామని అడిగింది.