పక్క వలలో చిల్లు

మా కళింగపట్నం టీ బడ్డీ దగ్గర ఎవరినడిగినా చెబుతారు, అప్పలసూరికి అభిప్రాయం లేని విషయం భూమ్మీద లేదని. నిజమే. వయసులో ఉండగా పారాదీప్‌లో పడవల మీద నాలుగేళ్ళు పనిచేశాను. అక్కడ బెంగాలీ కుర్రాళ్ళతో తిరిగి బంతి పిచ్చి తగిలించుకొచ్చాను. ఊరంతా క్రికెట్టు చూస్తుంటే నేనొక్కడినే ఫుట్‌బాల్ అని గోలపెట్టేవాణ్ణి. పోనుపోను పది మందీ నా దారికొచ్చారు. వలలు అల్లడం, తెగినవి బాగుచేయడం నా పని. చేతులు దారంతో పనిచేస్తుంటే నోరు ఖాళీగా ఉంటుంది కదా, దానికీ ఏదో ఒక పని ఇవ్వాలి.

పార్టీ మారిన ఎమ్మెల్యేకీ, ఎవడూ తాకకుండానే పెనాల్టీ బాక్సులో పడిపోయే ఫార్వర్డుకీ తేడా లేదంటాను. ఇద్దరూ ముందు కాలు పట్టుకొని దొర్లుతారు, పని జరిగాక లేచి పరిగెడతారు. రేషను డిపోలో వేలిముద్ర మిషను పెట్టినవాడి చేత ఒక్క నెల నైలాన్ దారం లాగించి, అప్పుడు వాడి వేలు పెట్టించాలంటాను. నా వేళ్ళు అరిగిపోయి, నేనెవరో ఆ మిషనుకి మూడు నెలలుగా తెలియడం లేదు మరి. ఆఫ్‌సైడు రూలు తెలియనివాడికి ఓటు హక్కు ఇవ్వకూడదని కూడా ఒకసారి అన్నాను. అది కొంచెం ఎక్కువే, ఒప్పుకుంటాను. అన్నిటికన్నా ఎక్కువసార్లు అన్న మాట మాత్రం ఒకటుంది. తప్పు చేసినవాడు చెయ్యెత్తి ఒప్పుకోవాలి, అది లేని ఆటా ఆట కాదు, అది లేని రాజ్యమూ రాజ్యం కాదు అని.

ఆ మాట ఎన్ని వందలసార్లు అన్నానో తలుచుకుంటే ఇప్పుడు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

2018 వేసవి. ఏప్రిల్ నడిమి నుంచి జూన్ పద్నాలుగు దాకా సముద్రం మీద వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డు మీద, మగాళ్ళందరూ ఇళ్ళ దగ్గర. ఆ రెండు నెలల్లో మా తీరం పల్లెలు బంతి పోటీలు పెట్టుకుంటాయి. ఇసుకలో సరుగుడు కర్రలు పాతి గోలు కడతాం. దాని వెనక వల నాది. పాత వలల్లోంచి మంచి ముక్కలు ఏరి నేనే కుట్టాను. నరసన్నపేటలో పెద్ద స్కూలుకి కూడా అలాంటి వల లేదని నేనూ చెప్పాను, నరసన్నపేట నుంచి రిఫరీగా వచ్చే జగన్నాధం మాస్టారూ చెప్పాడు.

మా జట్టు గోల్‌కీపరు గంగులు. నా చెల్లెలు గున్నమ్మ కొడుకు, ఇరవై నాలుగేళ్ళవాడు. తండ్రి పోయాక వాడికి వల పని నేర్పిందీ, బంతి పట్టడం నేర్పిందీ నేనే. మూడేళ్ళుగా ధనరాజు పడవ మీద వేటకి వెళ్తున్నాడు. ధనరాజుకి రెండు పడవలున్నాయి, ఊళ్ళో ఆయన మాట చెల్లుతుంది, మా జట్టు జెర్సీల మీద ఆయన పార్టీ నాయకుడి బొమ్మ ఉంది. గంగులుకి భావనపాడు పిల్ల అనితతో సంబంధం కుదిరింది. ఆ ఏడాది ఫైనల్లో మా మీదకి వచ్చిన జట్టు కూడా భావనపాడే. వాడి స్నేహితులు వారం రోజులు ఏడిపించారు వాణ్ణి.

ఫైనల్‌కి ముందురోజు నేను బడ్డీ దగ్గర రెండు గ్లాసులు, ఒక అగ్గిపెట్టె పెట్టి, రష్యా వరల్డ్ కప్పులో ఈసారి రిఫరీ టీవీ చూసి తన తీర్పు ఎలా మార్చుకుంటాడో వివరిస్తున్నాను. మా ఆవిడ లక్ష్మణమ్మ ఎండుచేపలు తిరగేసి వస్తూ రోడ్డు మీదే ఆగింది.

"ఏటయ్యా, ఎవులిదో దూడ ఆ గోలు పక్క వలలో తల ఎట్టీసినాది. తొమ్మిదో పదో కళ్ళు తెగిపోనాయి. బేగి ఎల్లి సూడు."

"సూస్తాన్లే, ఆట రేపు సాయంత్రం కదేటి," అన్నాను.

వల కళ్ళు పది అల్లడం నాకు ఎంతసేపు పని, పావుగంట. ఆ పావుగంట నాకు ఆ సాయంత్రమూ దొరకలేదు, మర్నాడూ దొరకలేదు. ఆట మొదలయ్యే ముందు జగన్నాధం మాస్టారు ఈల చేత్తో పట్టుకొని అడిగాడు.

"వల చూసుకున్నావా సూరీ?"

"నా వలలోంచి నెత్తళ్ళంత చిన్న చేపలు కూడా దూరవండి మాస్టారూ," అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. సరిగ్గా అప్పుడే దూడ గుర్తొచ్చింది. ఇప్పుడు సూది తెచ్చి కూర్చుంటే ఈ నవ్వినవాళ్ళే నన్ను చూసి నవ్వుతారు. తొంభై నిమిషాల్లో బంతి వచ్చి ఆ చిల్లులోనే దూరుతుందా అనుకున్నాను. అయినా మనసొప్పక వెళ్ళి గోలు వెనకే నిలబడ్డాను.

ఇంకో ఐదు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా దూరింది. అప్పటికి రెండు వైపులా గోల్ లేదు. భావనపాడు ఫార్వర్డు శివాజీ ఎడమ పక్కనుంచి గట్టిగా కొట్టాడు. బంతి స్తంభానికి జానెడు అవతల నుంచి పోయింది. గంగులు అది బయటికి పోయిందని చూసుకొని బంతి తెచ్చుకోడానికి తిరిగాడు కూడా. అది బయటినుంచి పక్క వల చిల్లులో దూరి లోపల ఇసుక మీద పడింది. నాకు రెండు బారల దూరంలో జరిగింది. శివాజీ ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత చేతులెత్తాడు. మాస్టారు పరిగెత్తుకొచ్చేసరికి బంతి వలలోపల ఉంది. ఈల వేశాడు.

"మాస్టారూ, బైటనుంచి దూరినాది. వలకి కన్నమున్నట్టుంది, ఒక్కపాలి సూడండి," అని గంగులు ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

మాస్టారు వల వైపు నడిచొస్తున్నాడు. మూడొందలమంది నా వైపు చూస్తున్నారు. నా చెయ్యి ఎప్పుడు వెళ్ళిందో తెలియదు, వేలాడుతున్న వల మడతలు పోగేసి చిల్లు కనబడకుండా గుప్పిట్లో పట్టుకొని ఉన్నాను.

"ఏం సూరీ, వల చిరిగిందా?"

"లేదండి. వల బాగానే ఉన్నాది."

గంగులు నా మొహం చూశాడు. తర్వాత నా గుప్పిట చూశాడు. వెళ్ళి గోల్లో నిలబడ్డాడు. ఒక్క గోల్‌తో మేం ఓడిపోయాం. నా ఊరు, నా జట్టు, ఇన్నేళ్ళుగా నేను పెంచిన ఆట. వల కుట్టలేదన్న మాట బయటపడకూడదని కప్పు వాళ్ళ చేతుల్లో పెట్టాను.

చీకటి పడకముందే వల విప్పి ఇంటికి తెచ్చి కుట్టేశాను. కొత్త దారం వాడితే తెల్లగా తేలిపోతుందని, ఎండకి రంగుపోయిన దారం వెతికి మరీ కుట్టాను. ముళ్ళ మీద తడి మట్టి రుద్దాను. లక్ష్మణమ్మ గడపలో నిలబడి అంతా చూసి లోపలికి పోయింది. తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున్న ధనరాజు ఇద్దరిని వెంటబెట్టుకొని వచ్చాడు. గంగులు కూడా వచ్చాడు. వల ముంగిట్లో పరిచాను. వాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని ప్రతి కన్నూ తడిమి చూశారు. ఏమీ దొరకలేదు. సిగ్గులేని మాట ఒకటి చెప్పాలి. వాళ్ళకి దొరకనందుకు లోపల ఎక్కడో నా పనితనానికి నేను మురిసిపోయాను. గంగులు కూడా ఒక చోట వంగి వేళ్ళతో రాసి చూసి లేచాడు.

"ఏట్రా గంగులు, మీ మావ వలకి కన్నమన్నావు?" అన్నాడు ధనరాజు.

వాడు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. ఆ సాయంత్రానికే ఊళ్ళో మాట పుట్టింది, గంగులు కాబోయే అత్తారికి కప్పు సారె పెట్టాడని. మొదట అది వేళాకోళం. రెండో రోజుకి నిజమైపోయింది. నాలుగో రోజుకి వాడు భావనపాడులో ఎవరింట్లో కూర్చుని బేరం మాట్లాడుకున్నాడో కూడా చెప్పేస్తున్నారు. నా ముందే చెప్పుకున్నారు. "కుర్రాడు కదా, పొరపాటు పడుంటాడు" అన్నాను. నా పొరపాటుని నా నోటితో వాడికి అంటగట్టి, అది దయలా వినిపించేట్టు కూడా చేశాను.

అన్ని రోజులూ బడ్డీకి వెళ్తూనే ఉన్నాను. వెళ్ళకపోతే అనుమానమొస్తుందని. మాట్లాడుతూనే ఉన్నాను. ఏ జట్టు ఎందాకా వస్తుందో చెప్పాను, వచ్చే ఎన్నికల్లో ఎవరు ఎవర్ని ముంచుతారో చెప్పాను. గంగులు రోజూ వచ్చి బెంచీ చివర కూర్చునేవాడు. వాడి పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. టీ తాగి, నేను లేచేదాకా ఉండి, అప్పుడు వెళ్ళేవాడు. నేను వాడి వైపు చూడకుండా మాట్లాడడం అలవాటు చేసుకున్నాను.

జూన్ పదమూడో తేదీన గున్నమ్మ వచ్చింది.

"అన్నియ్యా, ధనరాజు పడవలో మా గుంటడికి సోటు లేదన్నాడట. నమ్మకం లేనోడితో సముద్రం మీదికి ఎలగెల్తాం అన్నాడట. పడవ లేనోడికి పిల్లనెవులిస్తారు? ఆగస్టులో వీరావల్ ఎల్లిపోతానంటన్నాడు, ఆ గుజరాత్ పడవలు ఎక్కితే ఏడాదికి గాని రాడు. నీ మాటంటే ఊరు ఇంటాది. ఒక్క మాట సెప్పవా?"

"సూస్తాన్లే," అన్నాను. దూడ సంగతి చెప్పినప్పుడు లక్ష్మణమ్మతో అన్న మాటే మళ్ళీ అన్నాను. గున్నమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకొని వెళ్ళిపోయింది.

పద్నాలుగు సాయంత్రం, నిషేధానికి ఆఖరి రోజు, వరల్డ్ కప్పుకి మొదటి రోజు. తుఫాను షెల్టరు వరండాలో టీవీ పెట్టారు. పొద్దున్నే పడవలు సముద్రంలోకి దిగాలి, అయినా ఊరంతా అక్కడే ఉంది. ఆట మొదలవడానికి పది నిమిషాలుందనగా, మా జట్టు కెప్టెన్ కొండబాబు నా వైపు తిరిగాడు.

"సూరి మావా, ఆ టీవీ సూసి రిఫరీ మాట మార్సడం ఏటో, ఇంకోపాలి అందరికీ సెప్పు."

లేచాను. అలవాటుగా గొంతు సవరించుకున్నాను. ఎదురుగా, అందరికీ వెనక, స్తంభానికి ఆనుకొని గంగులు కనబడ్డాడు.

"ఆ రోజు మనకి టీవీ ఉంటే కప్పు మనదే," అన్నాను. "గంగులు సెప్పినదే నిజం. బంతి బైటనుంచి కన్నంలో దూరినాది. ఆ కన్నం నాకు ముందురోజే తెలుసు. కుట్టలేదు. మాస్టారు అడిగినపుడు గుప్పిట్లో దాసినాను. రాత్రికి కుట్టేసి మీకు సూపినాను. తప్పు నాది."

వెనకెక్కడో చిన్న నవ్వు వినిపించింది. ధనరాజు లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మేనల్లుడి కోసం బాగానే సెప్పినావు బావా. నీ సోట నానున్నా అలగే సెప్పీవోడిని. పోనీలే, కూకో."

"అబద్ధం కాదు ధనరాజూ."

"సెప్పీవోడివైతే ఆ రోజే సెప్పీవోడివి. ముగ్గురం తడిమి సూసినాం కదేటి."

ఇంటికి పరిగెత్తి వల తెచ్చి ట్యూబ్‌లైటు కింద పరిచాను. ఆ చోటు నాకే వెంటనే దొరకలేదు. దొరికాక వేలు పెట్టి చూపించాను. నలుగురు వంగి చూశారు, ఏమీ లేదన్నారు. నాకు పిచ్చెత్తినట్టయింది. చాకు తీసి నేను కుట్టిన ముళ్ళన్నీ వరసగా తెంపి, "ఇదిగో, ఇంత కన్నం" అని పైకెత్తి చూపించాను.

"ఇప్పుడు నువ్వే కోసినావు కదా మావా," అన్నాడు కొండబాబు. వాడి గొంతులో వెటకారం లేదు, జాలి ఉంది. అది ఇంకా ఘోరం. టీవీలో ఆట మొదలైంది. తలలన్నీ అటు తిరిగాయి. తిరిగి కూర్చుంటూ ధనరాజు అన్నాడు, "ఎలగైనా పడవలో సోట్లు నిండిపోనాయి, ఇంక ఒగ్గేయ్."

ఒక్కణ్ణే నేలమీద వల పోగేసుకుంటున్నాను. గంగులు వచ్చి రెండో కొస పట్టుకున్నాడు.

"నాకు తెలుసు మావా," అన్నాడు మెల్లగా. "నువ్వు వల పరిసిన పొద్దున్నే సూసినాను. కొత్త ముడి ఏలి కింద జారతాది. నువ్వు నేర్పినదే కదా."

ఊరంతా తడిమినా తెలియని ముడి వాడికి తెలుసు.

"మరి ఆళ్ళ ముందర ఎందుకు సెప్పలేదురా?"

"నాను సెప్తే నీ పరువేటవుతాది? నువ్వే సెప్తావనుకున్నాను." వాడు మడత మీద మడత వేస్తూనే ఉన్నాడు. "రోజూ బడ్డీ కాడికి అందుకే వచ్చినాను. రష్యా గురించి సెప్పినావు. ఎమ్మెల్యే గురించి సెప్పినావు. డిపో మిషను గురించి సెప్పినావు. ఆ మాట ఐపోనాక ఇది సెప్తావు, ఈ మాట ఐపోనాక ఇది సెప్తావు అని కూకున్నాను. తొమ్మిది రోజులు మావా."

వెనక టీవీ దగ్గర గోల్ పడినట్టుంది, ఒకటే అరుపులు. "సూరి మావా, అది ఆఫ్‌సైడు కాదేటి?" అని ఎవరో కేకేసి అడిగారు. నేను అటు తిరగకుండా, వల నా వైపు కొస మడిచి గంగులు చేతికిచ్చాను.