డియర్ కస్టమర్

రామలక్ష్మమ్మ ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నది నలభై నాలుగో ఏట. నేర్పింది కూతురు నళిని. 2007 దీపావళికి హోసూరు నుంచి సెలవు మీద వచ్చినప్పుడు, నాలుగు రోజులు తల్లిని వసారాలో పక్కన కూర్చోబెట్టుకుని, సుద్దముక్కతో నేల మీద రాసి చూపించి నేర్పింది.

నళినికి మూడేళ్ళప్పుడు వచ్చిన జ్వరంలో చెవులు పోయాయి. చెవులతోపాటు మాటా పోయింది. అప్పట్నుంచీ తల్లీకూతుళ్ళ మధ్య మాటలన్నీ చేతులతోనే, కళ్ళతోనే. అన్నం తిన్నావా, తలనొప్పిగా ఉందా, నాన్న మీద కోపమా, అన్నిటికీ వాళ్ళకు వేళ్ళున్నాయి. కానీ ఆ పిల్ల పదో తరగతి గట్టెక్కి, హోసూరులో వైర్లు బిగించే ఫ్యాక్టరీలో పనికి కుదిరి, హాస్టల్లో ఉండిపోయాక ఆ వేళ్ళు వేప్పనపల్లిలో ఉన్న తల్లికి ఎట్లా కనబడతాయి? ఫోను కొనిచ్చినా ఆ పిల్ల వినలేదు, పలకలేదు. మిగిలిన దారి మెసేజ్ ఒక్కటే.

"అమ్మా తిన్నావా" అని మొదటి మెసేజ్ వచ్చిన రోజున, ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న ఆ తెలుగును రామలక్ష్మమ్మ వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. "తిన్నా" అని తిరిగి పంపడానికి పావుగంట పట్టింది. మామిడితోపు నుంచి అప్పుడే వచ్చిన మొగుడు చెన్నకేశవను కాళ్ళు కూడా కడుక్కోనివ్వకుండా, "చూడు, బిడ్డ మాట్లాడింది" అని ఫోను మొహం మీద పెట్టింది.

ఆ సంబరం నెల తిరక్కుండానే కంపెనీల చేతిలో పడింది.

ఫోను వాళ్ళ ఇంట్లో కిటికీ గట్టు మీదే ఉండేది, సిగ్నల్ అక్కడే దొరుకుతుంది కాబట్టి. 'టింగ్' అనగానే రామలక్ష్మమ్మ చేస్తున్న పని వదిలేసి పరుగెత్తేది. పేడ చేతులతో ఒకసారి, పిండి చేతులతో ఒకసారి. తీరా చూస్తే ఎవరో పాట పెట్టుకోమంటారు. ఎవరో జాతకం చెబుతామంటారు. ఎవరో లాటరీ తగిలిందంటారు. ఇంగ్లీషు భాష ఆమెకు రాదు, అక్షరాలే వచ్చు. అందుకని మొదట్లో ప్రతిదీ పూర్తిగా చదివేది, ఎక్కడైనా 'అమ్మా' అని ఉందేమోనని. తర్వాత ఒక గుర్తు పెట్టుకుంది. నళిని మెసేజ్ ఎప్పుడూ 'అమ్మా' అనే మొదలవుతుంది. కంపెనీ వాళ్ళది 'డియర్ కస్టమర్' అని మొదలవుతుంది. మొదటి అక్షరం 'డి' అయితే మనది కాదు.

గుర్తయితే దొరికింది గానీ పరుగు తప్పలేదు. ఏ మోత ఎవరిదో లేచి వెళ్ళి చూస్తేనే కదా తెలిసేది. రోజుకు పది, పన్నెండు. మధ్యాహ్నం కాస్త నడుం వాల్చితే టింగ్. పాలు పితుకుతుంటే టింగ్, ఆవు ఉలిక్కిపడి కాలు విదిలించేది.

"ఇవి యాడ నుంచి వస్తా ఉండాయప్పా?" అని రీచార్జి అంగడి కేశవులును అడిగింది ఒకసారి.

"అందరికీ వస్తాయక్కా. చూసీ చూడనట్ల వదిలేయాల" అన్నాడు కేశవులు.

"నేను వదిలేస్తే నా బిడ్డది గూడా పోతాది గదప్పా."

కేశవులు పక్కనున్న మనిషి రీచార్జి నంబరు రాసుకోవడంలో పడ్డాడు.

మాఘం వెళ్ళేసరికి ఆమెకు ఆ శబ్దం వింటేనే ఒళ్ళు బరువెక్కేది. పరుగు నడకయింది, నడక కాస్తా 'ఈ పని కానిచ్చి చూద్దాంలే' అయింది. పొద్దున వచ్చినవి సాయంత్రం చూసేది. నళిని "అమ్మా ఎందుకు లేటు" అని అడిగితే "పని" అని రెండక్షరాలు పంపేది. బిడ్డకు అబద్ధం చెప్పినట్టు లోపల ముల్లు గుచ్చుకునేది.

మార్చి నెలలో ఒక సోమవారం నుంచి ఫోను మోగడం మానేసింది. పొద్దంతా చూసింది, చప్పుడు లేదు. మంగళవారమూ లేదు. "పీడ విరగడయింది, వాళ్ళకే విసుగొచ్చినట్టుంది" అని మొగుడితో నవ్వుతూ చెప్పింది. తెర పైన ఒక చిన్న కవరు బొమ్మ ఆగి ఆగి మినుకుమంటోంది. అదేమిటో ఆమెకు తెలియదు. అందులో అరిచే గుణం లేదు, అంతే చాలు. నళిని నుంచి కూడా ఏమీ రాలేదని మంగళవారం సాయంత్రం తోచింది గానీ, రెండో షిఫ్టు పడిందేమో అనుకుంది. బుధవారం పొద్దున ఎవరిదో తెలియని నంబరు నుంచి రెండు సార్లు కాల్ వచ్చి ఆగిపోయింది. పాటలమ్మేవాళ్ళు అట్లా కూడా చేస్తారు. ఆమె తిరిగి చేయలేదు.

ఆ రోజు సాయంత్రం ఐదు గంటలప్పుడు వసారాలో చింతపండు ఒలుస్తూ కూర్చుంది. రెండు రోజులుగా నిద్ర బాగా పట్టింది, ప్రాణం తేలిగ్గా ఉంది. అప్పుడు వీధి మలుపులో నళిని కనబడింది. ఫ్యాక్టరీ నీలం కోటు కూడా విప్పలేదు. గురుబరపల్లిలో బస్సు దిగి, ఇంకో బస్సు మారి, దిగినచోటు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చినట్టుంది, రొప్పుతోంది.

వచ్చీ రాగానే తల్లి నుదురు మీద చేయి వేసింది. మెడ మీద వేసింది. మణికట్టు పట్టుకుని చూసింది. రామలక్ష్మమ్మకు ఏమీ అర్థం కాలేదు. 'నాకేమైంది? బాగానే ఉండా' అని చేతులు తిప్పింది. నళిని గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచాక ఆ ముఖం మారిపోయింది. గబగబా ఆడుతున్న ఆ వేళ్ళను తల్లి కూడా అందుకోలేకపోయింది. ఒక్కటి మాత్రం తెలిసింది. 'మెసేజ్. మెసేజ్. ఎన్ని!'

"రాలేదు తల్లీ" అంది రామలక్ష్మమ్మ నోటితో, తల అడ్డంగా ఊపుతూ. "ఒక్కటీ రాలేదు. మూడు దినాలుగా కంపెనీవి గూడా రాలేదు."

నళిని కిటికీ గట్టు మీది ఫోను తీసుకుంది. ఆ కవరు బొమ్మను చూడగానే ఆ పిల్లకంతా తెలిసిపోయింది. తల్లి పక్కన కూర్చుని తెర చూపించింది. పెట్టె నిండా డియర్ కస్టమర్లు. ఒక్కటి కూడా తీసేయలేదు ఆమె. తీసేయాలని ఎవరూ చెప్పలేదు, నేర్పడం మరిచిన నళినితో సహా. నిండిన గిన్నెలో ఇంక పట్టనట్టు, పెట్టె నిండాక కొత్తవి లోపలికి రాక బయటే ఆగిపోయాయి.

నళిని బొటనవేలితో మొదటిది తీసేసింది. రెండోది, మూడోది. కాసేపటికి ఫోను మోగింది.

"అమ్మా సర్టిఫికెట్ కావాల. పర్మనెంట్ చేస్తారంట. ఒరిజినల్ కావాల."

ఇంకొకటి తీసేసింది. మళ్ళీ మోగింది.

"అమ్మా నాన్నతో పంపు. బుధవారం సాయంత్రం లోపల."

రామలక్ష్మమ్మ ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదువుతోంది. నళిని చెవుల గురించి పెద్దాసుపత్రి ఇచ్చిన సర్టిఫికెట్టు బీరువాలో, పట్టుచీర మడతలో భద్రంగా ఉంది.

"అమ్మా ఎందుకు మాట్లాడవు."

"అమ్మా లక్ష్మీప్రియ ఫోన్ చేస్తుంది. ఎత్తు." లక్ష్మీప్రియ హాస్టల్లో నళిని పక్క మంచం పిల్ల. బుధవారం పొద్దున ఆగిపోయిన ఆ రెండు కాల్స్ ఆ పిల్లవి.

చివరిది మధ్యాహ్నం రెండింటికి పంపింది, షిఫ్టు దిగి బస్సెక్కుతూ.

"అమ్మా నీకు ఒళ్ళు బాగలేదా. సర్టిఫికెట్ వద్దు. నేను వస్తా ఉండా."

రామలక్ష్మమ్మ చింతపండు చేతులతోనే ముఖం కప్పుకుంది. నళిని ఆ చేతులు తీసి చూసింది.

మరునాడు తెల్లవారగానే తల్లీకూతుళ్ళు సర్టిఫికెట్టు పట్టుకుని హోసూరు పోయారు. ఫ్యాక్టరీ ఆఫీసులో జయరామప్ప అనే పెద్దాయన ఉన్నాడు. మంచివాడే. కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, టేబుల్ మీద పెట్టాడు.

"లిస్టు నిన్న సాయంత్రమే హెడ్డాఫీసుకు పోయిందమ్మా. నేనేం చేసేది?"

"ఒక్క పేరు ఎక్కించలేరాప్పా? బిడ్డ తప్పేం లేదు. సరైన టయానికే నాకు మెసేజ్ పెట్టింది. నా ఫోన్లో కంపెనీవోళ్ళ చెత్త నిండిపోయి అది రాలేదు."

"చెత్త నిండిందని నేను పైకి రాస్తే నగుతారు తల్లీ." ఆయన మాట పూర్తి కాకముందే ఆయన ఫోను టేబుల్ మీద టింగుమంది. ఒక చూపు చూసి బోర్లా పెట్టేశాడు. "నాకూ ఇదే గోల. ఆగస్టులో మళ్ళా లిస్టు తీస్తారు. ఈ కాగితం నా దగ్గరే ఉండనీ, ఈసారి నేనే పెడతాను."

నళిని ఇద్దరి పెదవులనూ మార్చి మార్చి చూస్తూ నిలబడింది. 'ఆగస్టు' దానికి అర్థమైంది. తల్లి భుజం తట్టి, షిఫ్టుకు టైమయిందని గడియారం చూపించి లోపలికి పోయింది. రామలక్ష్మమ్మ ఆ నీలం కోటు మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడింది.

తిరుగు బస్సు వేప్పనపల్లిలో దిగి నేరుగా కేశవులు అంగడికి పోయింది. చూసీ చూడనట్టు వదిలేయమన్నందుకు అతన్ని నాలుగు మాటలు అంది. పాపం, అతను పడ్డాడు. పడి, ఎవరినో అడిగి తెలుసుకుని, ఇట్లాంటి మెసేజ్‌లు ఆపించే 1909 నంబరుకు ఆమె ఫోను నుంచే కాల్ చేశాడు. అవతల ఒక ఆడగొంతు అరవంలో అది నొక్కు, ఇది నొక్కు అంది. కేశవులు అన్నీ నొక్కాడు.

"ఎక్కినాదక్కా. ఆపేస్తారు. నలభై ఐదు దినాలు పడతాదంట."

"నలభై ఐదు దినాలా? కొళాయి తిప్పితే నీళ్ళు నిలిచిపోతాయే. దీనికేమొచ్చింది?"

"అది నాకు తెలీదక్కా."

నలభై ఐదు రోజులూ ఆమె పరుగెత్తింది. మళ్ళీ మొదట్లో లాగానే ప్రతి మోతకూ లేచింది, చదివింది, తీసేసింది. గడువు దాటాక మెసేజ్‌లు నిజంగానే తగ్గాయి. ఒక వారం అసలు ఏమీ రాకపోతే ఆమె రోజుకు నాలుగు సార్లు పెట్టె తెరిచి నిండిందేమోనని చూసుకుంది. తర్వాత మామూలు నంబర్ల నుంచి మళ్ళీ మొదలయ్యాయి, రోజుకు మూడో నాలుగో. ఈసారి వాటిలో కొన్ని 'డియర్' అని కాకుండా 'హాయ్' అని వచ్చేవి.

"ఆ దరిద్రాన్ని బావిలో పారేయి" అన్నాడు చెన్నకేశవ ఒకరోజు, ఆమె అన్నం ముందు నుంచి లేచి పోతుంటే.

"అది నీకు ఫోను. నాకు బిడ్డ నోరు" అంది ఆమె.

ఆగస్టులో జయరామప్ప మాట నిలబెట్టుకున్నాడు. నళిని పర్మనెంట్ అయింది. మార్చిలో అయినవాళ్ళు సీనియారిటీలో దానికంటే ముందున్నారు, ఇంకెప్పటికీ ఉంటారు. నళిని ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. సెలవుకు వచ్చినప్పుడల్లా తల్లి ఫోను తీసుకుని, పెట్టె ఖాళీగా ఉందో లేదో ఒకసారి చూసి, మళ్ళీ గట్టు మీద పెట్టేది. ఆ చూపు తనకు తగిలిందని రామలక్ష్మమ్మ కూడా ఎప్పుడూ చెప్పలేదు.